బావకిచ్చిన పచ్చిచెక్క

పదేళ్ళు దాటింది, ఈ బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. నా పేరు మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళ దగ్గర నోరు తెరిస్తే ముందు నాకు జరిగిన అన్యాయమే చెప్తాను. వినేవాళ్ళు అయ్యో అంటారు. నేను అక్కడితో ఆగిపోతాను. మిగతా సగం ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడూ ఆ అన్యాయం నుంచే మొదలుపెట్టాలి. లేకపోతే మీకు అర్థం కాదు. సాకు చెప్తున్నాననుకుంటే అనుకోండి. సాకేనేమో కూడా.

మాది ఆళ్ళగడ్డ. నాయన తరిమెన పట్టేవాడు. గుండ్రంగా తిరిగే చెక్క మీద ఉలి ఆనించి నున్నటి బరిణెలు తీసేవాడు. బరిణెలు చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, మర మూత బరిణె మా వైపు నాయన ఒక్కడే చేసేవాడు. మరచెంబు చూశారు కదా, అట్లాగే. మూత తిప్పితే బిగుసుకుంటుంది, తలకిందులు చేసినా లోపలిది కారదు. దానికోసం నాయన ఒక ఇనుప కడ్డీ చేయించుకున్నాడు. కడ్డీ పొడుగునా మర. దాని కొసకు మూత బిగించి పిడి తిప్పితే, మూత తిరుగుతూ మెల్లగా ముందుకు జరిగి, కదలకుండా బిగించిన ఉలిపంటికి తగులుతుంది. కడ్డీకి ఎట్లాంటి మర ఉందో మూత లోపల అట్లాంటిదే దిగుతుంది. చెయ్యి తొందరపడితే చెక్క పెచ్చులు లేచిపోతుంది.

అమ్మ పోయినాక ఆ పిడి తిప్పింది నేనే. నాయన మణికట్టు వాచి ఉలి నిలవకుండా అయినాక ఉలి పట్టిందీ నేనే. బరిణె మాత్రం నాయన పేరు మీదే పోయేది. అందుకు నాకేం బాధ లేదు. "ఈ కడ్డీ నీదేలే పాపా" అనేవాడు. రెండు సంబంధాలు వస్తే, అంగడి చూసుకునేది ఇదొక్కటే అని ఆయనే వద్దన్నాడు. నేనూ సరే అన్నాను. నాకు అంగడి ఉంది కదా అనుకున్నాను.

అక్కను నంద్యాలకిచ్చారు. బావ వడ్రంగం పని తెలిసినవాడు, మెత్తటి మనిషి. ఒకరోజు వాళ్ళిద్దరూ వచ్చారు. అన్నం తిని లేచాక నాయన కడ్డీని గోనెపట్టలో చుట్టి బావ చేతిలో పెట్టాడు. నంద్యాలలో అంగడి పెట్టుకో, అక్కడ గిరాకీ ఉంది అన్నాడు. నేను ఎంగిలి కంచాలు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను. నావైపు చూడలేదు. అడగలేదు. ఆ తర్వాత నేనే అడిగితే, "ఆడపిల్లవు, ఎన్నాళ్ళని తిప్పుతావ్" అన్నాడు. అన్నేళ్ళూ తిప్పింది ఎవరు? అప్పుడు ఆడపిల్లను కానా? ఈ ప్రశ్న ఇప్పటికీ నాకు మండుతూనే ఉంది. మీకు దాచడం ఎందుకు, నాయన పోయినా ఆ మంట పోలేదు.

కడ్డీ పోయింది. నాకు మిగిలిన పని చెక్క ఆరబెట్టడం. నల్లమల కింది ఊళ్ళనుంచి అంకుడు కర్ర వస్తే, ముక్కలు కోసి నీడలో పేర్చి, నెలల తరబడి తిరగేస్తూ ఉండాలి. పచ్చి చెక్కకు మర కోస్తే ఆ రోజు బ్రహ్మాండంగా కూర్చుంటుంది. ఆరేకొద్దీ గుండ్రం పోయి కోలగా అయిపోతుంది. ఇంక మూత మూతి మీద నిలవదు. ఇది ఆ పనిలో అందరికన్నా నాకే బాగా తెలుసు.

నంద్యాలలో ఒక లేహ్యాల కొట్టాయన బావకు పెద్ద పని ఒప్పజెప్పాడు. మర మూతలతో బరిణెలు కావాలి, గాలి పోకూడదు. బావ చెక్క కోసం ఆళ్ళగడ్డ వచ్చాడు. బాగా ఆరిన ముక్కలు గోడ వారగా ఉన్నాయి. నేను వాటిమీద గోనెపట్ట కప్పి, ఈ మధ్యే కోసినవి, పైపైన ఎండలో పెట్టి తెల్లబడినవి, ముందుకు లాగి పెట్టాను.

బావ ఒక ముక్క తీసి వాసన చూశాడు.

"ఏందమ్మీ, పచ్చి వాసన కొడ్తాందే?"

"ఎండినాయి బావా. నేనే ఆరబెట్టినా."

"బరువు గూడా ఉండాయి."

అరుగు మీదనుంచి నాయన కసిరాడు. "అది చెప్పినాక ఇంగేముందప్పా! మూట కట్టుకో బేగా, బస్సు పోతాది."

బావ నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. ఆయన నవ్వి, మూట కట్టుకున్నాడు.

ఏమనుకున్నాను అప్పుడు? మూతలు నిలవవు, నలుగురూ నవ్వుతారు, కడ్డీ వెనక్కి వస్తుంది, అంతే అనుకున్నాను. నిజంగా అంతేనా? అక్క కాపురం గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదా? ఆలోచించాను. ఆలోచించే మూట కట్టనిచ్చాను.

ఎండలు ముదిరేసరికి మూతలు ఊడొచ్చాయి. లేహ్యమంతా బూజు పట్టింది. కొట్టాయన బరిణెలన్నీ తెచ్చి బావ అంగడి ముందు కుమ్మరించాడట. బావ ఒక బస్తా నింపుకుని మా ఇంటికి వచ్చాడు. వీధిలోవాళ్ళు గుమిగూడారు.

"చెక్క పచ్చిది మామా. నేను ఆ పొద్దే అంటి గదా."

నాయన లేచి నిలబడ్డాడు. నన్నొక్క మాట అడగలేదు. "నా బిడ్డ అబద్ధం చెప్పదు. నువ్వే యాడో తడిపినావ్. చేతగాక నా బిడ్డ మీద పెడ్తాండావ్" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. బావ నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. నా నోరు పెగల్లేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నేను చెప్పదలుచుకోలేదు. నాయన మొదటిసారి నా పక్షాన నిలబడ్డాడు. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది.

వారం తిరక్కుండా నాయన నంద్యాల వెళ్ళి కడ్డీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నాకు సంతోషం కలిగింది. ఇక్కడ రాసినవాటిలో నాకు అన్నిటికన్నా కష్టమైన మాట ఇదే.

బావ అంగడి మూసేసి పత్తి బేళ్ళు మోసే పనికి పోయాడు. అక్క కూడా నాయన మాటే నమ్మింది. మొగుడు చేతగాక తన చెల్లెలి మీద నింద వేశాడని అతన్ని సాధించింది. బావ ఎదురు చెప్పడం మానేశాడని విన్నాను. నాయన పోయినప్పుడు ఆయన గుమ్మం బయటే నిలబడి వెళ్ళిపోయాడు. కిందటేడు బావ కూడా పోయాడు. దగ్గుతో మొదలై మంచం పట్టాడు. చివరిదాకా తాను తడపలేదనే అన్నాడట. అక్క నాతో ఆ మాట చెప్పి, "సచ్చేటప్పుడు గూడా ఒప్పుకోలే" అని ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. ఆ చేతిని తర్వాత ఏం చేసుకోవాలో తెలీలేదు.

పోయిన నెలలో నంద్యాల వెళ్ళాను. అక్క బియ్యం ఏరుతోంది. కూర్చోకుండానే చెప్పేశాను. అక్క చేట పక్కన పెట్టింది. తిట్టలేదు. లోపలికి కేకేసి కొడుకులిద్దరినీ పిలిచింది.

"ఇంగోసారి చెప్పు. వీళ్ళకు ఇనపడాల."

చెప్పాను. మీ నాయన తప్పేం లేదు. చెక్క పచ్చిదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చినా. మీ నాయన అడిగినాడు, నేను అబద్ధం చెప్పినా. పెద్దవాడు గోడకేసి తిరిగాడు. చిన్నవాడు, అచ్చం బావ మొహమే, కళ్ళార్పకుండా నన్నే చూశాడు.

"ఇంగ పో" అంది అక్క.

క్షమించమని అడగలేదు. అడిగినా ఏమిస్తుంది? నన్ను మోసం చేసినవాళ్ళ మీద కోపం నాకింకా ఉంది, అది ఉండటం న్యాయమేనని కూడా అనుకుంటాను. కానీ బావ నన్ను మోసం చేయలేదు. అక్క చేయలేదు. నంద్యాల బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను. అక్క నుంచి ఇప్పటిదాకా కబురు లేదు. రాదు కూడా. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలకు వాళ్ళ నాయన నిజం చెప్పాడని తెలిసింది. ఆ మాట వాళ్ళకు నా నోటినుంచే తెలిసింది.