సరంగు దేవదానం ఆర్పించిన దీపాలు

ఇంజను అందుకోగానే డీజిలు పొగ, తడిసిన తాడు వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. విశాఖపట్నం హార్బరులో, పొద్దు గుంకిన కాసేపటికి, పదిమంది పట్టే ఒక చిన్న తెల్లటి యాట్ మీద నిలబడి ఉన్నాను. గంటన్నరకు అద్దెకు తీసుకున్నాను. నా భార్య రాజ్యం చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నా భుజం మీంచి తియ్యకుండా, చిన్నపిల్లలా నవ్వుతోంది. ఎదురుగా సువార్త మెత్తటి సీటు అంచున కూర్చుని కమ్మీని గట్టిగా పట్టుకుంది. కెప్టెన్ ఏదో మీట నొక్కాడు. పడవ చుట్టూ నీలం దీపాలు వెలిగాయి, పాట మొదలైంది, కాళ్ళ కింద చెక్క వణికింది. చేపల పడవల మధ్యనుంచి మెల్లగా బయటపడుతుంటే నా గుండె ఇరవై మూడేళ్ళవాడి గుండెలా కొట్టుకుంది. యాభై దగ్గర పడుతున్న మనిషిని, మాచర్లలో విత్తనాల కొట్టు నడుపుకునేవాణ్ణి. సముద్రం మీద అదే మొదటిసారి. అయినా ఆ వాసన నన్ను సముద్రం మీద ఉండనివ్వలేదు. కృష్ణానది మీదికి, దేవదానం పక్కకి లాక్కుపోయింది.

సువార్త ఆయన కూతురు. మా అమ్మాయి విశాఖపట్నంలో చేరిన కాలేజీ హాస్టల్‌లో వార్డెన్. సామాను దించటానికి వెళ్ళినరోజు, మాది మాచర్ల వైపని తెలిసి ఊరు పేరు అడిగింది. చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. "నేను దేవదానం కూతుర్ని అన్నా, లాంచీ దేవదానం" అంది. నేను గుర్తుపట్టలేదేమోననుకుని, గొంతు తగ్గించి, "తాగి లాంచీ ముంచాడంటారే, ఆయనే" అని కూడా అంది.

ఆయన తాగలేదు. లాంచీని ముంచింది ఆయన కాదు, నేను. ఆ మాట ఆమెకు చెప్పాలని ఆ తర్వాత మూడుసార్లు హాస్టల్‌కి వెళ్ళి, మూడుసార్లూ ఫీజుల గురించి మాట్లాడి తిరిగొచ్చాను. నాలుగోసారి యాట్ మాట్లాడాను. నీళ్ళ మీదయితే లేచి వెళ్ళిపోవటానికి నాకు చోటుండదు.

దేవదానాన్ని ఎరగని వాళ్ళకు ఆయన్ని చూపించాలంటే ముందు ఆయన నీళ్ళను చూపించాలి. వెల్దుర్తి దాటి పడమటికి పోతే, డ్యాము వెనక నిలిచిన కృష్ణ కొండల మధ్య సముద్రంలా ఉంటుంది. అవతలి ఒడ్డు తెలంగాణ. ఆ నీళ్ళ మీద మా మేనమామకు ఒక లాంచీ ఉండేది. సంతకు పోయేవాళ్ళనీ, మిరపకాయ బస్తాలనీ, పెళ్ళివారినీ దాటించేది. డిగ్రీ రెండుసార్లు తప్పి, సర్పంచి కొడుకునన్న గీరతో ఊళ్ళో తిరుగుతున్న నన్ను మా నాన్న ఆ లాంచీ మీదికి పంపించాడు. దాన్ని నడిపే సరంగు దేవదానం. సన్నగా, పొడుగ్గా, నెరిసిన మీసంతో, తెల్ల చొక్కా మోచేతుల దాకా మడిచి ఉండేవాడు. మా ఇంట్లో ఆయన్ని చిన్నాపెద్దా అందరూ 'ఏరా దేవదానం' అనేవాళ్ళు. నేనూ అంతే. మొదటిరోజు అలాగే పిలిచాను. ఆయన ఇంజను ఆపి, నా వైపు తిరిగాడు.

"ఒడ్డు మీద ఎట్టాగన్నా పిలువు చిన్నబాబూ. లాంచీ మీద మాత్రం సరంగు అను. ఇక్కడ సరంగు ఒక్కడే ఉంటాడు."

కోపం లేదు ఆ గొంతులో. ఇది ఇంజను, ఇది లంగరు అని చూపించినట్టే చెప్పాడు. ఆ తర్వాత లాంచీ మీద నన్ను ఎప్పుడూ చిన్నబాబూ అనలేదు, అబ్బాయ్ అన్నాడు. ఆ పిలుపులో నాకు కొత్త హుషారు దొరికింది. మా నాన్న పేరుతో పని లేకుండా నన్ను ఒకరు పిలవటం అదే మొదలు.

ఆయన లాంచీ నడిపే పద్ధతి ఇంకెవరికీ రాదు. ఆ నీళ్ళ అడుగున ఆయన పుట్టిన ఊరుంది. డ్యాము కట్టినప్పుడు మునిగింది. నీటిమట్టం తగ్గిన రోజుల్లో మొండి గోడలు, చింత మొద్దులు నీటికి జానెడు లోతులోకి వస్తాయి, తగిలితే లాంచీ అడుగు చీలుతుంది. దేవదానం ఆ ఊరి వీధుల వెంటే లాంచీని నడిపేవాడు. "కల్లం దాటాం అబ్బాయ్, ఇప్పుడు పెద్దవీధిలోకి తిప్పు" అనేవాడు. నాకు కనపడేది నీళ్ళే. "ఎడం పక్క ఆనుకోబాకు, మోటబావి ఒర ఉంది. అదిగో, గుడిపాటి మిట్ట. ఏ గండమొచ్చినా ఆ మిట్ట ఎక్కించు, అక్కడ మోకాలి లోతే." రెండు నెలలు గడ పట్టుకుని ముందు నిలబడి లోతులు చూస్తూ ఆ ఊరంతా నేర్చుకున్నాను. ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరి పశువుల కొట్టం ఎటు తిరిగి ఉందో కూడా చెప్పేవాడు. నేను ఎన్నడూ చూడని ఊరు నాకు మా ఊరికన్నా బాగా తెలిసింది.

మూడో నెలలో లాంచీ తిప్పే చక్రం చేతికిచ్చాడు. పిడికిళ్ళు బిగించి పట్టుకున్నాను. ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. పసిబిడ్డ మెడ కింద చెయ్యి పెట్టినట్టు పెట్టాలన్నాడు. "మా సువార్త పుట్టినప్పుడు నేర్చుకున్నా ఇది. అంతకుముందు నేనూ నీలాగే గుంజులాడేవాణ్ణి." ఆ మధ్యాహ్నం లాంచీ నా చేతి కింద మొదటిసారి మలుపు తిరిగినప్పుడు నేను గట్టిగా కేకేశాను. ఒడ్డున బట్టలుతికే వాళ్ళు తలెత్తి చూశారు. దేవదానం నవ్వి, "వీడికి పిచ్చెక్కింది, బాగుపడతాడు" అన్నాడు బస్తాల మీద కూర్చున్న రైతులతో.

ఒక్క విషయంలో మాత్రం ఆయన కఠినం. చీకటి పడ్డాక లాంచీ మీద వెనక ఒక్క లాంతరు తప్ప దీపం ఉండకూడదు. బీడీ కూడా వెలిగించనిచ్చేవాడు కాదు. జనం సణిగేవాళ్ళు. కంటికి చీకటి అలవాటు కావటానికి అరగంట పడుతుందనీ, అది చెడటానికి ఒక్క అగ్గిపుల్ల సరిపోతుందనీ ఓపికగా చెప్పేవాడు. ఆ అరగంట తర్వాత ఏమవుతుందో నాకు ఆయనే చూపించాడు. కొండల అంచులు విడివిడిగా తెలిసేవి. నీటి కింద గోడ ఉన్నచోట పైన అల చిన్నగా ముడత పడేది, ఆ ముడత కూడా కనపడేది. నాకు ఒళ్ళు జలదరించేది. ప్రతి సాయంత్రం ఆ అరగంట కోసం కాచుకుని ఉండేవాణ్ణి.

లాంచీ మునిగిన ఆ రోజు దేవదానానికి నూట మూడు జ్వరం. అయినా వచ్చాడు. చీకటి పడే వేళకు, అవతలి ఒడ్డున పెళ్ళి ముగించుకుని నలభై మంది ఎక్కారు. వాళ్ళ బ్యాండువాళ్ళకు చిన్న జనరేటరు, రంగు బల్బుల దండలు ఉన్నాయి. దేవదానం నిలబడలేక, వెనక గోతాల మీద ఒరుగుతూ, చక్రం నాకిచ్చి, "దీపాలు పెట్టనియ్యబాకు" అన్నాడు. అంతే చెప్పాడు. నిద్రపోయాడు.

పెళ్ళికొడుకు స్నేహితుల్లో ఒకడు నాతో చదివినవాడు. "ఏందిరా, పెళ్ళికొడుకుని తీసకపోతన్నావా, శవాన్ని తీసకపోతన్నావా? లైట్లేయించు" అన్నాడు. అందరూ నవ్వారు. దేవదానం అంటే భయమా అని ఇంకొకడు అడిగాడు. నేను సర్పంచి కొడుకునని నాకు అప్పుడు గుర్తొచ్చింది. వెయ్యమన్నాను.

దండలు వెలిగాయి. బ్రహ్మాండంగా ఉంది. ఎరుపు, పచ్చ, పసుపు రంగులు నీళ్ళలో పరుగెత్తుతుంటే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను ఆ వెలుగు మధ్యలో చక్రం పట్టుకుని రాజులా నిలబడ్డాను. నాకు కనపడింది నా పడవే. దాని అవతల ఏమీ లేదు. పెద్దవీధి మలుపు దాటిపోయిన సంగతి కింద గోడ తగిలాక తెలిసింది.

నీళ్ళు లోపలికి వస్తుంటే దేవదానం లేచాడు. ముందు జనరేటరు తీగ పీకేశాడు. తర్వాత నన్ను పక్కకు నెట్టి, ఆ చీకట్లో లాంచీని గుడిపాటి మిట్ట మీదికి ఎక్కించాడు. అందరూ మోకాలి లోతు నీళ్ళలో దిగారు. ఒక ముసలావిడ కాలు విరిగింది. ప్రాణాలు పోలేదు. లాంచీ మాత్రం మళ్ళీ పనికిరాలేదు.

మర్నాడు రేవు దగ్గర మా మేనమామ, మా నాన్న, మరో నలుగురు పెద్దలు కూర్చున్నారు. చక్రం ఎవరి చేతిలో ఉందని అడిగారు. పెళ్ళివాళ్ళకు తెలుసు, కానీ మా నాన్న ఎదుట ఎవరూ నోరెత్తలేదు. దేవదానం నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చెబుతానేమోనని ఆగాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. అప్పుడాయన తల తిప్పి, "లాంచీ మీద సరంగు ఒక్కడే. అది నేనే" అన్నాడు.

ఆ తర్వాత చేసింది అంతకన్నా చెడ్డది. టీ కొట్టు దగ్గర ఎవడో "తాగున్నాడా ఏందిరా?" అని అడిగాడు. నేను అవుననలేదు, కాదనలేదు. నవ్వాను. వారం తిరిగేసరికి ఆ నవ్వే ఊరంతా మాటై పాకింది. జీవితంలో చుక్క ముట్టని మనిషికి మళ్ళీ ఏ లాంచీ మీదా పని దొరకలేదు. నరసరావుపేటలో ఒక కోల్డ్ స్టోరేజికి కాపలా ఉండి, అక్కడే పోయాడు. మట్టికి తెచ్చినప్పుడు చర్చిలో చివరి వరసలో కూర్చుని, ఎవరూ చూడకముందే వచ్చేశాను.

ఇదంతా లోపల పెట్టుకుని ఆ యాట్ మీద నిలబడి ఉన్నాను. పడవ హార్బరు నోరు దాటింది. డాల్ఫిన్ నోస్ కొండ మీది దీపం మా మీదుగా తిరిగి పోయింది. బీచ్ రోడ్డు వెలుగులన్నీ ఒడ్డు పొడుగునా పరిచినట్టున్నాయి. రాజ్యం అది చూడండి, ఇది చూడండి అంటూ నన్ను ఊపేస్తోంది. సువార్త కూడా కమ్మీ వదిలి లేచింది. ఫొటోకి చక్రం పట్టుకోమని కెప్టెన్ నన్ను పిలిచాడు. నేను దీపాలు, పాట ఆపమని అడిగాను. జనం డబ్బులిచ్చేదే వాటికి గదా సార్ అని ఆయన ఆశ్చర్యపోయాడు. పడవకు చెరో పక్కా ఉండే ఎరుపు, పచ్చ దీపాలు మాత్రం రూలు ప్రకారం ఉండాలన్నాడు. ఉండనిమ్మన్నాను.

నీలం దీపాలు ఆరిపోయాయి. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత, నాకు తెలిసినట్టే, మెల్లగా ఒక్కొక్కటీ వచ్చాయి. దూరాన లంగరేసిన ఓడల నల్లటి పొట్టలు, పడవ చీల్చిన తెల్లటి నురగ, కొండ అంచు, దాని మీద లెక్కలేనన్ని చుక్కలు. రాజ్యం మాట ఆపేసింది. సువార్త, "నాన్న ఇదే చూపిస్తానన్నాడు. ఇంటర్ అయినాక రాత్రిపూట లాంచీ ఎక్కిస్తానన్నాడు" అంది.

అప్పుడు చెప్పాను. మొదటినుంచీ, టీ కొట్టు నవ్వు దాకా. ఏమీ తగ్గించలేదు. నా భుజం మీది చెయ్యి ఎప్పుడు తీసిందో గానీ, చెప్పటం అయ్యేసరికి రాజ్యం దూరంగా ఉంది. పెళ్ళయిన కొత్తలో ఈ కథే ఆమెకు తాగుబోతు సరంగు కథగా చెప్పి నవ్వించాను. అది ఇద్దరికీ గుర్తొచ్చింది.

సువార్త నీళ్ళ వైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"జ్వరమా ఆ రోజు?" అంది.

"నూట మూడు."

"తాగలా."

"లేదమ్మా. ఎన్నడూ తాగలా."

"అమ్మ ఇన్నేళ్ళూ అదే చెప్పింది అన్నా. నేనే నమ్మలా." ఆమె ముఖం తుడుచుకుని, "నాకు చెప్పావు, సరే. ఊళ్ళో చెప్పు. అమ్మ ఇంకా అక్కడే తల దించుకుని నడుస్తంది" అంది.

చెబుతానన్నాను. ఆమె నన్ను దాటుకుని కెప్టెన్ దగ్గరికి వెళ్ళి, చక్రం పట్టుకోవచ్చా అని అడిగింది. ఆయన పక్కనే నిలబడి ఇచ్చాడు. ఆమె పిడికిళ్ళు బిగించింది. నాకు నోరు తెరిచే హక్కుందో లేదో తెలియలేదు. అయినా చెప్పాను, పసిబిడ్డ మెడ కింద పెట్టినట్టు పెట్టమని, ఆ మాట ఆయన ఎవర్ని ఎత్తుకుని నేర్చుకున్నాడో కూడా చెప్పాను. ఆమె వేళ్ళు విప్పింది. యాట్ మలుపు తిరిగింది. చీకట్లోంచి, నేను ఆశ పెట్టుకోని చిన్న కేక వినిపించింది. ఆ రోజు కృష్ణ మీద నేను వేసిన కేకే అది.

ఆ తర్వాతి ఆదివారం మా ఊళ్ళో, వాళ్ళ చర్చిలో, ప్రార్థన అయ్యాక, అందరి ముందూ నిలబడ్డాను. రేవు దగ్గర నేను చెప్పాల్సిన మాట అక్కడ చెప్పాను. ఆ సాయంత్రం లాంచీ నడిపింది నేనేననీ, దేవదానం గారు తాగలేదనీ అన్నాను. వెనక ఒక ముసలాయన, "ఇన్నేళ్ళు ఏం చేస్తన్నావయ్యా?" అన్నాడు. దేవదానం గారి భార్య నా వైపు చూడలేదు. పక్కనున్నామె చెయ్యి పట్టుకుని తలెత్తి బయటికి నడిచింది. మా మేనమామ ఆ రోజునుంచీ నాతో మాట్లాడటం లేదు.

ఆ రాత్రి యాట్ మీద సువార్త చక్రం పట్టుకున్నప్పుడు కెప్టెన్ తీసిన ఫొటో నా ఫోనులో ఉంది. అంతా నలుపు, ఒక మూల పచ్చటి మరక. ఇందులో ఏమీ లేదు, తీసెయ్యండి అంటుంది రాజ్యం. కొట్లో కరెంటు పోయినప్పుడు నేను టార్చి వెయ్యకుండా ఆ ఫొటో ఆమె చేతికిస్తాను. కాసేపు అట్టాగే చూడమంటాను. మొన్న చాలాసేపు చూసింది. తర్వాత, "చేతులు" అంది.