చీకటి షెడ్డుకు నాలుగొందల రోలు

మా ఊళ్లో నా మాట ఎవరూ నమ్మరు. అందుకు నాకు ఏనాడూ బాధ లేదు. పాకాల చెరువులో ఒక చేప మా బాపు కండువాను మింగిందనీ, మరుసటేడు అదే చేప వలలో పడితే దాని కడుపులో ఆ కండువా ఉతికి మడతపెట్టి ఉందనీ చెప్పినవాణ్ణి నేను. అది అబద్ధమని వినేవాళ్లకు తెలుసు, నాకూ తెలుసు, చేపకూ తెలుసు. దానివల్ల ఎవరి నోటి దగ్గరి ముద్దా పోలేదు. కానీ నా కతల్ని సాకు చేసుకుని మా బాపు నోరు మూయించినవాళ్లున్నారు చూడండి, వాళ్లమీది కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

ఎనభైల మొదట్లో సంగతి. మాది నర్సంపేట అవతల ఒక చిన్న ఊరు. మేం అప్పుడప్పుడే పత్తి వేయడం మొదలుపెట్టాం. ఏరిన పత్తిని బోరాల్లో, అంటే పెద్ద గోనెసంచుల్లో కూరి, బండి మీద వరంగల్ మార్కెట్టుకు తెచ్చేవాళ్లం. అక్కడ మా పత్తి అమ్మిపెట్టే అడ్తిదారు ఒకాయన ఉండేవాడు. ఆయన షెడ్డులో దూలానికి పెద్ద కాంటా వేలాడేది. ఒక పళ్లెంలో బోరెం, ఇంకో పళ్లెంలో తూకపు రాళ్లు. తూకం వేసే మనిషిని దడవాయి అంటారు. అక్కడి దడవాయి బక్కగా, కొంచెం వంగి, ఎప్పుడూ దేవుడికి దండం పెడుతున్నట్టే ఉండేవాడు. కాంటా ముల్లు నిలబడే సమయానికి ఆయన కుడికాలి బొటనవేలు బోరెం ఉన్న పళ్లెం కిందికి పోయేది. పైకి ఒక్క తోపు, రెప్పపాటు. "రాసుకో" అని అరిచేవాడు. వేలు వెనక్కి వచ్చేసేది. మా ఆడవాళ్లు నడుములు విరిగేలా ఏరిన పత్తిలో కొంత ఆ బొటనవేలి మీద నిలబడి, తూకంలోకి రాకుండానే పోయేది.

బాపు అది చూశాడు. బాపుకు కోపం రావడం అరుదు. ఎద్దు కాలు తొక్కినా "పోనీ" అనేవాడు. ఆ రోజు మాత్రం కాంటా గొలుసు పట్టుకుని ఆపాడు.

"సావుకారీ, దడవాయి కాలు పళ్లెం కింద పెడ్తాండు. మల్ల తూకమెయ్యుండ్రి."

అడ్తిదారు గద్దె మీంచి కదల్లేదు. షెడ్డంతా వినపడేలా నవ్వాడు.

"ఏంది పటేలా, కండువ మింగిన చాప నీ కొడుకొక్కనికే కనవడ్తదనుకున్న. నీగ్గూడ కనవడ్తాందా? ఇంటిల్లిపాదికి గిదే రోగమా?"

అందరూ నవ్వారు. బోరాలు తెచ్చుకుని మా వెనక నిలబడ్డ మా ఊరివాళ్లు కూడా నవ్వారు. వాళ్ల పత్తి కూడా అదే వేలి మీదినుంచి పోతోందన్న సోయి ఒక్కడికీ లేదు. బాపు గొలుసు వదిలేశాడు.

తిరుగుదారిలో ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఊరు దగ్గరపడ్డాక, ఎద్దులతో చెప్పుకుంటున్నట్టు, "నేను సూసిన్రా. నా కండ్లతోని సూసిన," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి, తను చూశానని కన్నకొడుకుకు చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. బాపు చూసింది నిజమని అదే షెడ్డులో, అదే జనం ముందు రుజువు చేయాలి. మాటతో కాదు. మా ఇంటి మాటను నవ్వులపాలు చేశారు కదా. ఫోటోతో చేయాలి. చేనులో రెండో ఏరుడు పత్తి ఇంకా ఉంది.

కాజీపేట రైల్వేలో పనిచేసే మా బావ దగ్గర ఒక కెమెరా ఉండేది. తువ్వాల్లో చుట్టి పెట్టెలో దాచేవాడు. మా అక్కను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. సంగతంతా చెబితే తీసి నా చేతిలో పెట్టాడు.

"ఫ్లాషు ఏస్తే దొరికిపోతవ్ బామ్మర్ది," అన్నాడు. "షెడ్ల యెలుతురుండది. ఆ ఏలు ఆడేది రెప్పపాటు. వంద రోలుతోని తీస్తే బొగ్గు పడ్తది, ఏలు పడది. నాలుగొందలది తెచ్చుకో."

ఇప్పటి పిల్లలు కెమెరాకు వేగమైన మెమరీ కార్డు ఏదని సాయంత్రమంతా వాదించుకుంటారు. మాకు ఆ తగవంతా ఫిల్ము రోలు డబ్బా మీద ఒక అంకెలో ఉండేది. అంకె పెద్దదైతే రోలు వేగమైనది. కొద్దిపాటి వెలుతురునే గబుక్కున పట్టేస్తుంది, కదిలేదాన్ని కదలకుండా నిలబెడుతుంది. వంద రోలు పెళ్లివాళ్లను ఎండలో వరసగా నిలబెట్టి తీయడానికి. దొంగ వేలును పట్టడానికి నాలుగొందలది.

హనుమకొండంతా తిరిగాను. స్టేషన్ రోడ్డులో అడిగాను. ఎక్కడ చూసినా వందే. "నాలుగొందలది ఎవడు కొంటడు భయ్," అన్నారు. చివరికి మట్టెవాడలో ఒక స్టూడియోలో ఉందని తెలిసింది. లోపల అడుగుపెట్టగానే గోడ మీది పెళ్లి ఫోటోలో మా అడ్తిదారు తలపాగాతో నవ్వుతూ కనపడ్డాడు. ఈ స్టూడియో సేటు ఆయనకు సొంత బామ్మర్ది అని మార్కెట్టులో విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగిపోవాల్సిందే. కానీ గాజు బీరువా పై అరలో నాలుగొందల రోలు ఒక్కటే ఒక్కటి కూర్చుని ఉంది.

"ఏం గావాలె తమ్మీ?"

"నాలుగొందల రోలు, సేటు."

సేటు దాన్ని కిందికి దించాడు గానీ చేతికివ్వలేదు. "ఏం తీస్తవ్ దీంతోని?"

మార్కెట్టు అని చెప్పలేను. నా నోరు నిజం వెతుక్కోవడానికే తడుముకుంటుంది, మిగతాదానికి కాదు.

"పులి," అన్నాను. "ములుగు అడవిల తిరుగుతాంది. మా మ్యానమామది గక్కడి ఊరే."

"ఎప్పుడు కనవడ్తది?"

"పొద్దెక్కినంక. బండ మీద ఎండకు పండుకుంటది, కాళ్లు సాపుకొని, మా తాత లెక్క." కత నడుస్తోంది కదా అని ఇంకొంచెం వడ్డించాను. "ఆ ఎండకు మీసాలు గూడ తళతళ మెరుస్తయి."

సేటు రోలు తీసుకెళ్లి మళ్లీ పై అరలో పెట్టేశాడు.

"ఎండకు పండుకున్న పులికి నాలుగొందలది దేనికి? వందది తీస్కపో. ఒక్కొక్క ఎంటిక లెక్కవెట్టుకోవచ్చు. దీంతోని తీస్తే సున్నమేసిన గోడ లెక్క వస్తది నీ పులి."

నా పులే నాకు అడ్డం పడుకుంది. దాన్ని లేపక తప్పలేదు.

"నేను పొయ్యేసరికి లేస్తది గద, సేటు."

"లేసి?"

"గుహలకు పోతది."

"పొయ్యి మల్ల పండుకుంటది. స్టాండు పెట్టి తియ్యి, వంద సాలు."

"పండుకోనియ్యదు. లోపట ఎలుగుబంటి ఉంటది. అది కొట్లాటకస్తే ఇది ఉరుకుతది."

"పులి గుహల ఎలుగుబంటెందుకుంటది?"

"గుహ ఎలుగుబంటిదే. పులి కిరాయికుంటది."

సేటు నా ముఖంలోకి చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు మెదిలి పోయింది. "అంటే చీకట్ల ఉరికే పులి."

"ఔ, సేటు."

"గట్లయితే నాలుగొందలే." రోలు మళ్లీ దించి ఇచ్చాడు. "కడుగుడు గూడ నా దగ్గర్నే. నీ పులి మొఖం నేను సూడాలె."

రెండో ఏరుడు పత్తి తీసుకుని మార్కెట్టుకు వెళ్లాం. నేను సద్ది తినేవాడిలా కాంటాకు ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఒడిలో కెమెరా, దాని మీద బాపు కండువా. చేప మింగని కండువా. హమాలీల అరుపుల్లో మీట నొక్కిన చప్పుడు ఈగకు కూడా వినపడదు. వేలు పళ్లెం కిందికి పోయినప్పుడల్లా నొక్కాను, రోలు అయిపోయేదాకా. బాపు కాంటా వంక చూడలేదు. ఆ రోజు తూకం ఎంత చెబితే అంతకే తల ఊపాడు.

రోలు కడిగించడానికి ముందు హనుమకొండలోనే ప్రయత్నించాను. "నాలుగొందలది మేం కడుగం. దాని మందు, టైము అన్నీ వేరే. కరాబైతే మా మీద పడ్తవు. కొన్నకాడికే పో," అన్నారు ప్రతిచోటా. హైదరాబాదు పంపిద్దామన్నాడు బావ. అది తిరిగొచ్చేసరికి పత్తి రోజులే అయిపోతాయి. ఆరబెట్టిన రోలులో నలుపు తెలుపు తారుమారుగా ఉంటాయి కదా, అందులో బొటనవేలు ఎవరికి కనపడుతుందిలే అనుకుని మట్టెవాడలోనే ఇచ్చాను.

చెప్పిన రోజు వెళ్లాను. సేటు కాగితంలో చుట్టిన రోలు బల్ల మీద పెట్టాడు.

"పులి పడలే తమ్మీ. ఒక్కటంటే ఒక్కటి పడలే. గుహల చీకటెక్కువైంది."

గుమ్మంలోకి వచ్చి, ఎండకు పట్టి చూశాను. ఈ చివరినుంచి ఆ చివరిదాకా బర్రె వీపులా నల్లగా ఉంది. బావ నాకు ఒక్క విషయం బాగా నూరిపోశాడు. వెలుతురు చాలక బొమ్మ పడకపోతే, కడిగిన రోలు అద్దంలా తేటగా వస్తుంది, దానిగుండా అవతలి వీధి కనపడుతుంది. నల్లబడిందంటే దండిగా వెలుతురు తగిలినట్టు. అంటే ఎవరో రోలును డబ్బాలోంచి లాగి ఎండకు చూపించారు. లేదా నా రోలు తమ దగ్గరే పెట్టుకుని ఇంకేదో పాడైన రోలు నా చేతిలో పెట్టారు.

"సేటు, చీకటైతే తేటగ రావాలె గద. గిది నల్లగున్నది."

"గట్లనా? అయితే నీ పులి సూర్యున్ని మింగింది కావచ్చు," అన్నాడు సేటు, బల్ల తుడుచుకుంటూ. "మీ దిక్కు చాపలు కండువలు మింగుతయట గద. మా బావ చెప్పిండు."

నేను ఎవరి కొడుకునో సేటుకు తెలుసు. ఎందుకు తీశానో తెలుసు. తెలిసే ముఖంలోకి చూసి మాట్లాడుతున్నాడు. ఆ గాజు బీరువాను గుద్ది పగలగొట్టాలనిపించింది. కొట్టినా తిట్టినా చివరికి జనం అడిగేది ఒకటే: ఏం ఫోటోలు తీశావని. పులి అని నా నోటితో నేనే చెప్పాను. ఇక ఊరంతా ఆ పులిని చూపించమంటుంది. నల్లటి రోలు జేబులో కుక్కుకుని, పళ్లు నూరుకుంటూ నడిచాను. ఇంటికొచ్చి బాపుకు చెబితే ఆయన ఆ రోలును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి రోలే ఉండె," అని మాత్రం అన్నాడు.

మూడో ఏరుడుకు మిగిలింది కొద్ది పత్తే. బండి కట్టేటప్పుడు బాపు, "కెమెరా డబ్బా తెచ్చుకో," అన్నాడు.

"రోలు లేదు బాపూ. వరంగల్లనే ఇంకోటి లేదు."

"డబ్బా తెచ్చుకో అన్న."

ఈసారి కండువా కప్పలేదు. కెమెరా మెడలో వేసుకుని, దడవాయి ఎదురుగా నిలబడి, కన్ను దానికి ఆనించి పళ్లెం కిందికి గురిపెట్టాను. దడవాయి నన్ను చూశాడు. కెమెరాను చూశాడు. ఆ తర్వాత వంగి తన బొటనవేలును చూసుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. నా రోలు కడిగారు. ఫోటోలు పడ్డాయి. ఆ వేలు ఎంత స్పష్టంగా పడిందో అందరూ కూర్చుని చూసుకున్నారు. ఆ తర్వాతే నాకు నల్లటిది అంటగట్టారు.

దడవాయి రెండు కాళ్లూ దగ్గరపెట్టుకుని, జెండా వందనానికి నిలబడ్డట్టు వెనక్కి జరిగాడు. మా బోరెం ఉన్న పళ్లెం దాని బరువుకు అది కిందికి దిగింది. ఎదుటి పళ్లెంలో ఇంకో రాయి వేయాల్సి వచ్చింది. వెనకనుంచి మా ఊరాయన ఒకడు, ఆనాడు అందరికంటే గట్టిగా నవ్వినవాడే, "తమ్మీ, మా బోరెం కాడ గూడ జర నిలవడు," అన్నాడు. వాణ్ణి చూస్తే ఇంకా మండింది.

అడ్తిదారు గద్దె దిగి వచ్చాడు. నన్ను కాదు, బాపునే అడిగాడు.

"పటేలా, అండ్ల రోలున్నదా?"

నేను నోరు తెరవబోయాను. ఆ పని నాది. పుట్టుకతో నాది. బాపు నాకంటే ముందే పలికాడు.

"ఉన్నది. నాలుగొందలది. నేనే తెప్పిచ్చిన."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. అడ్తిదారు దడవాయి వైపు ఒకసారి చూసి, వెళ్లి గద్దె మీద కూర్చున్నాడు. కళ్లారా చూసిన నిజం చెప్పిన రోజున ఆ మనిషిని పిచ్చివాణ్ణి చేసిన షెడ్డు, ఖాళీ డబ్బాకు అబద్ధం చెప్పిన రోజున మారుమాట్లాడకుండా నమ్మింది.

తిరుగుదారిలో బాపు బోరింగు దగ్గర బండి ఆపించి, నన్ను పంపు కొట్టమన్నాడు. దూపై నీళ్లు తాగుతాడేమో అనుకున్నాను. దోసిట్లో నీళ్లు పట్టి, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మాడు. మళ్లీ పట్టి, మళ్లీ ఉమ్మాడు. ఒక్క గుక్క కూడా మింగలేదు. కండువాతో మూతి తుడుచుకుని బండెక్కాడు.

పత్తి పోతే మళ్లీ పండుతుంది. ఆ ఒక్క అబద్ధం మాత్రం మా బాపు చేత ఆడించారు వాళ్లు. మట్టెవాడ దిక్కు ఎప్పుడు వెళ్లినా ఆ నీళ్ల చప్పుడే వినపడుతుంది నాకు.