సగం ఎత్తిన షట్టర్

ఈ మాట లోపలే పెట్టుకుని ఏళ్లు గడిచిపోయాయి. బరువు అంటారు కదా, నిజంగా బరువే. పొద్దున లేచి చొక్కా తొడుక్కునేటప్పుడు ఉంటుంది, కాంటా దగ్గర నిలబడి మక్కల బస్తాలు తూకం వేయించేటప్పుడు ఉంటుంది, అన్నం ముందు కూర్చుంటే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఎదురుగా ఉన్న మనిషికి చెప్పాల్సింది మీకు చెప్పడంలో పిరికితనం ఉందని నాకూ తెలుసు. ఒక్కటే అడుగుతున్నాను, నా మీద జాలి పడకండి. నాకు నా మీద కోపంగా ఉంది. అది చల్లారడం నాకు ఇష్టం లేదు.

మాది కేసముద్రం. మార్కెట్ యార్డు పక్కన మా బాపుకు అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన పంట మా దుకాణం మీద అమ్ముడుపోతుంది, మాకు కమీషన్ వస్తుంది. నాకు ఆ వ్యాపారం మీద ఎప్పుడూ మనసు లేదు. నా పిచ్చి పాత రేడియోలు. గాజు వాల్వులు వెలిగే పెద్ద పెద్ద చెక్క రేడియోలు. ఇంటర్నెట్‌లో వేలం పాటలు జరుగుతాయని తెలిశాక ఆ పిచ్చి ముదిరింది. వస్తువు ఫోటో పెడతారు, గడువు పెడతారు, గడువు ముగిసేసరికి ఎవరి పాట ఎక్కువైతే వస్తువు వాళ్లది. నేను యార్డులో పాటలు వింటూ పెరిగినవాడిని. మొహం చూసి ఎవడు ఎక్కడ ఆగిపోతాడో చెప్పగలను. ఇంటర్నెట్‌లో మొహాలుండవు కాబట్టి ఆఖరి క్షణం దాకా నోరు మూసుకుని కూర్చుని, అప్పుడు ఎక్కించాలి. ఆ ఓపిక నాకు బాగానే ఉండేది. మంచి పనులకు ఎప్పుడూ లేని ఓపిక.

యార్డులో అందరూ నవ్వేవాళ్లు. చెడిపోయిన డబ్బాలు కొనే సేటు కొడుకని. నవ్వనివాడు ఒక్కడే, హమాలీ వీరన్న. మధ్యాహ్నం బస్తాలు దింపాక వచ్చి నా రేడియోల ముందు కూర్చునేవాడు. నేను బాగుచేసిన దాంట్లో వార్తలు వినేవాడు. తెలంగాణ మాట వస్తే చెయ్యి పైకెత్తి అందరినీ ఊరుకోమనేవాడు. వాల్వు వేడెక్కి గొంతు మెల్లగా పైకి వస్తుంటే అతని మొహంలో కనిపించే సంతోషం నాకు ఇష్టంగా ఉండేది. అతను నాకంటే పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేవాడిని.

ఇక మా దుకాణంలో ఒక ఆనవాయితీ ఉండేది. చుట్టుపక్కల తండాల వాళ్లు పని వెతుక్కుంటూ దూరం పోయేటప్పుడు ఇంట్లోని వెండి సొమ్ములు గుడ్డలో మూటగట్టి బాపు చేతికిచ్చి పోయేవాళ్లు. తాకట్టు కాదు. అప్పు లేదు, వడ్డీ లేదు, కాగితం ముక్క లేదు. ఎవరి ముడి వాళ్లే వేసుకునేవాళ్లు, తిరిగొచ్చాక ఆ ముడిని చూసి తీసుకునేవాళ్లు. బాపు ఎన్నడూ ఒక్క మూట విప్పి చూడలేదు. ఇనుప బీరువా తాళం చెవి దేవుడి పటం వెనక ఉంటుందని దుకాణంలో తిరిగే అందరికీ తెలుసు. నాకూ తెలుసు, వీరన్నకూ తెలుసు.

సోమ్లి అనే ఆవిడ మూట నేను విప్పాను. ఎందుకు విప్పాను? ఊరికే చూద్దామని. అలా అనే చెప్పుకున్నాను. లోపల వాళ్లమ్మ నాటి వెండి హారం ఉంది, చెంపల పక్కన వేలాడే ఘుగ్రీలు ఉన్నాయి. తండా వెండికి ఆ వేలం పాటల్లో పెద్ద గిరాకీ ఉందని నాకు తెలుసు. ఫోటో తీసి, మూట మళ్లీ కట్టి బీరువాలోనే పెట్టాను. ఎంత పలుకుతుందో ఊరికే చూద్దామని వేలంలో పెట్టాను. ఎన్నిసార్లు ఊరికే, ఊరికే అనుకున్నానో చూడండి. దొంగతనం చేసేవాడు తనతో తాను మాట్లాడే తీరు ఇదే.

అదే సమయంలో ఒక జర్మనీ రేడియో వేలానికి వచ్చింది. స్టేషన్ దొరకగానే అద్దంలో ఒక పచ్చ దీపం దగ్గరగా ముడుచుకునే రకం. అలాంటిది నేను బొమ్మలో తప్ప చూడలేదు. దాని గడువు ముగిసేది ఉద్యమం వాళ్లు బందు పిలిచిన రోజు మధ్యాహ్నం. ఆ రోజుల్లో బందు అంటే బందే. రైళ్లు ఆగిపోయాయి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు, నెట్ సెంటర్లు మూసేశారు. ఇంటర్నెట్ ఉన్నది మా దుకాణంలోని కంప్యూటర్‌కే, ధరలు చూసుకోవడానికి పెట్టించింది. మార్కెట్ రోడ్డులో ఒక్క షట్టర్ కూడా లేవకుండా చూసే పని హమాలీలది, వాళ్ల పెద్ద వీరన్న.

నేను అతన్నే బతిమాలాను. కాసేపు చాలన్నా, ఒక్క పాట వేసి వచ్చేస్తా అన్నాను. అతను చాలాసేపు ఒప్పుకోలేదు. బందు వెట్టినోన్ని నేనే తీస్తె ఎట్ల అన్నాడు. నేను ఆ పచ్చ దీపం సంగతి మళ్లీ చెప్పాను. చివరికి అటూ ఇటూ చూసి, షట్టర్ సగం ఎత్తాడు. నేను వంగి లోపలికి దూరాను. అతను దించేసి దాని ముందు బస్తా పట్టా పరుచుకుని కావలి కూర్చున్నాడు.

లోపల ఏం చేశానో చెబుతాను. రేడియో పాట గెలిచాను. దానికి కట్టే సొమ్ము నా దగ్గర లేదు. కానీ సోమ్లి వెండికి వచ్చిన పాట రేడియో ధరను దాటిపోయి ఉంది. నేను కుర్చీలోంచి లేచాను. దేవుడి పటం వెనక చెయ్యి పెట్టాను. బీరువా తీసి మూట సంచిలో వేసుకున్నాను. చేతులు వణికాయని రాయాలని ఉంది. వణకలేదు. లోపలి నుంచి తట్టగానే షట్టర్ లేచింది. వీరన్న నా సంచి వైపు చూడలేదు. దొరికిందా అని అడిగాడు, నేను తలూపితే నాకంటే ఎక్కువ సంతోషించాడు.

వెండి కొరియర్‌లో పోయింది. రేడియో వచ్చింది. మొదట చూసింది వీరన్నే.

పంటలు అయిపోయాక సోమ్లి తిరిగొచ్చి మూట అడిగింది. బాపు బీరువాలో వెతికాడు. ఆయన మొహం పాలిపోవడం నేను చూశాను. తరతరాల మాట పోయింది కదా. కొత్త వెండి చేయిస్తానన్నాడు. ఆమె వద్దంది. అది మా యాడిది, మా అమ్మది, వేరేది నాకెందుకు అని గడప మీదే కూర్చుంది. ఎవరు తీసి ఉంటారని బాపు నన్ను అడిగాడు. నేను అప్పుడు చెప్పిన మాట వినండి. బందు రోజు వీరన్న మన షట్టర్ ఎత్తాడట, చూసినవాళ్లున్నారు అన్నాను.

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అదే నాకు ఇప్పటికీ ఒళ్లు మండించేది. చూసినవాళ్లు నిజంగానే ఉన్నారు. షట్టర్ ఎత్తడం చూశారు, నేను దూరడం చూడలేదు. నిజాన్ని సగం కోసి, కావలసిన ముక్క బాపు చేతిలో పెట్టాను. మిగతా పని బాపు కోపం చేసింది. ఉద్యమం పేరు మీద దుకాణాలు దోచుకుంటున్నారని అప్పటికే వ్యాపారుల్లో గుసగుసలున్నాయి. వాళ్లకు ఒక మనిషి కావాలి. దొరికాడు. పోలీసులకూ ఒక మనిషి కావాలి. దొరికాడు.

దొంగతనం కేసు పెట్టి స్టేషన్ నుంచి వదిలాక వీరన్న కుంటుతూ మా గోదాం వెనక్కి వచ్చాడు. నేనొక్కణ్నే ఉన్నాను.

"చిన్నసేటు, ఆ దినం లోపట ఉన్నది నువ్వే గద," అన్నాడు.

నేను బస్తాలు లెక్కపెడుతున్నట్టు తల తిప్పుకున్నాను.

"గంత మందితోని బందు వెట్టించి నీకొక్కనికే ఎత్తిన. గది చెప్తే మావోళ్లు గూడ నన్ను ఎడ్డోన్ని చూసినట్టు చూస్తుండ్రు. సేటు కోసం బందు ఇడిసినోడు దొంగతనం చెయ్యడా అంటుండ్రు. సొమ్ము ఎవరు తీసిండ్రో నేను అడుగుతలేను. నువ్వు లోపటికి పోయినవని బాపుకు చెప్పు. గంతే. నాకు గది సాలు."

అతనికి తెలిసిపోయింది. తెలిసి కూడా నాకు ఒక దారి వదిలాడు. దొంగనని చెప్పమనలేదు, లోపల ఉన్నానని చెప్పమన్నాడు, అంతే. నేను ఎంత నీచుణ్నంటే, ఆ దారి కూడా ఇరుకైందని అనుకున్నాను.

"ఆ దినం నేను ఇంట్లనే ఉన్న అన్నా. నాకు యాది లేదు," అన్నాను.

వీరన్న ఒక అడుగు ముందుకు వేశాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"యాది లేకుంటే లేకపాయె. గని ఇగ నన్ను అన్నా అని పిలువకు," అన్నాడు.

యూనియన్ అతన్ని పెద్దరికం నుంచి తీసేసింది. ఉద్యమం సభల్లో పక్కన కూర్చోబెట్టుకోవడం మానేశారు. కేసముద్రంలో ఎవరూ బస్తా ఎత్తనివ్వకపోతే భూపాలపల్లి వైపు బొగ్గు పనుల్లో కూలికి పోయాడు. వాయిదా పడ్డప్పుడల్లా కూలి పోగొట్టుకుని మానుకోట కోర్టుకు వచ్చేవాడు. నేను రోడ్డు అవతలి నుంచి చూసేవాడిని. ఎందుకు చూసేవాడిని? శిక్ష పడుతుందేమోనని భయమా, పడితే నా సంగతి ఎప్పటికీ బయటపడదన్న ఆశా? రెండూ ఉన్నాయి. రెండోదే ఎక్కువేమో అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

తెలంగాణ వచ్చింది. రాష్ట్రం రాకముందే నా బండి మీద ఏపీ చెరిపి టీజీ రాసుకున్నవాడిని నేను. వచ్చిన రోజు యార్డు ముందు టపాసులు కాల్చాను, జై తెలంగాణ అని అరిచాను. ఉద్యమం కేసులు ఎత్తేస్తారన్నారు. వీరన్నది ఉద్యమం కేసు కాదు, దొంగతనం కేసు. దాన్ని ఎవరెత్తేస్తారు? రాష్ట్రం కోసం రోడ్డు మీద పడుకున్న మనిషి కోర్టు మెట్ల మీద, ఇంట్లో రేడియో వింటూ కూర్చున్న నేను ఊరేగింపులో. చివరికి సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు. ఊళ్లో మాత్రం ఆ పేరు అలాగే ఉండిపోయింది.

బాపు ఈ మధ్యే పోయాడు. వీరన్న దొంగ అనుకుంటూనే పోయాడు. సోమ్లికి ఏమీ ఇవ్వలేకపోయానన్న బాధతో పోయాడు. నన్ను మంచి కొడుకని అనుకుంటూ పోయాడు. ఇందులో ఏది ఎక్కువ సిగ్గో నాకు తేలడం లేదు.

రేడియో ఇప్పటికీ ఉంది. పగలగొట్టానని రాస్తే మీకు బాగుండేది. పగలగొట్టలేదు. దుమ్ము తుడుస్తాను, వాల్వు పోతే మారుస్తాను, పాత రేడియోల వాళ్ల గుంపులో దాని ఫోటో పెడితే అందరూ మెచ్చుకుంటారు. నా మీద కోపం ఎందుకు చల్లారకూడదంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

పోయిన వారం దుకాణంలో కుర్రవాళ్లు చాయ్ తాగుతూ పాత రోజుల గురించి మాట్లాడుకున్నారు. ఒకడు వీరన్న పేరు ఎత్తి, గాయన కొట్లాడింది తెలంగాణ కోసమా మన సేటు బీరువా కోసమా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఇది రాయడం మొదలుపెట్టాను.

క్షమించమని వీరన్నను అడగను. అడిగే హక్కు ఆ గోదాం వెనకే పోయింది. సోమ్లి వెండి ఏ దేశంలో ఎవరి గోడకు వేలాడుతోందో నాకు తెలియదు, తెచ్చివ్వలేను. చెప్పడం మాత్రం చేయగలను. షట్టర్ ఎత్తింది నా కోసం. లోపల ఉన్నది నేను. మూట తీసింది నేను. యాది లేదన్నది నేను. ఈ నాలుగు మాటలు ఇన్నేళ్లకు కాగితం మీద పెట్టాక ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు కూడా నా మీద నాకు కోపమే.

ఇందులో నా పేరు రాయలేదు. సోమ్లి అసలు పేరు కూడా రాయలేదు. వీరన్న పేరు మాత్రం మార్చలేదు. దొంగ అని ఊరంతా అనుకున్నది ఆ పేరునే కాబట్టి, దొంగ కాదన్నది కూడా ఆ పేరుతోనే తెలియాలి. కేసముద్రంలో ఆ పేరు చదివినవాళ్లకు నా దుకాణం ఏదో వెంటనే తెలిసిపోతుంది. తెలియనివ్వండి.