వదిన ఉతకనివ్వని కోటు

మా వదిన పెళ్లికి ముందు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసి, చెవుల వెనక పుల్లల్ని కొంచెం వంచి, అద్దం చేతికివ్వడం ఆమె పని. మా ఇంటికొచ్చిన కొత్తలో ఒక ఉదయం గొర్రెల దొడ్డి దగ్గరికి వెళ్లి, తడక మీద మోచేతులానించి చాలాసేపు లోపలికి చూసింది. చూసి చూసి, "వీటికి కళ్లజోళ్లు ఎవరు పెట్టారు? ఒక్కదానికీ సరిగ్గా కుదర్లేదు" అంది.

మా గొర్రెలకి ఒళ్లంతా మాసిన తెలుపు. కళ్ల చుట్టూ మాత్రం గోధుమరంగు వలయాలు. వలయాలు రెండూ ఒకేలా ఉండవు. ఒకటి గుండ్రంగా ఉంటే రెండోది బుగ్గ మీదికి జారిపోయి ఉంటుంది. దాంతో అవి ఎప్పుడూ దూరంగా ఉన్న బోర్డు చదవలేక అవస్థ పడుతున్నట్టు కనిపిస్తాయి. వాటికి ఒక జాతి పేరుండేది. వదిన వచ్చాక ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా వినపడలేదు. కళ్లజోడు గొర్రెలు అనేవాళ్లం.

అప్పటికే నాన్న వాటిని అమ్మేద్దామనే ఆలోచనలో ఉన్నారు. చుట్టుపక్కల అందరూ పెద్దపెద్ద తెల్ల గొర్రెలకి మారిపోయారు. అవి త్వరగా పెరుగుతాయి, ఒళ్లంతా ఉన్ని. మావి చిన్నవి. ఎంత మేపినా అంతే.

"ఇవి పెరగవమ్మా. ఊరికే తింటాయి, అంతే," అన్నారు నాన్న ఒకరోజు అన్నం తింటూ.

వదిన పొట్టిది. అన్నయ్య భుజం దాకా కూడా రాదు. "నేనూ పెరగను మామయ్యా. నేను తినేదీ తక్కువేం కాదు. నన్నూ అమ్మేస్తారా?" అంది.

నాన్నకి పొలమారింది. నవ్వుతూ దగ్గుతూ నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపారు. అమ్మే మాట మళ్లీ రాలేదు.

గొర్రెల గురించి ఆమెకి ముందు ఏమీ తెలియదు. అన్నీ పాడుచేసుకుంటూనే నేర్చుకుంది. మొదటి ఏడాది ఒక పొట్టేలుపిల్ల తల్లి చనిపోతే దాన్ని వంటింట్లోకి తెచ్చి, పొయ్యి పక్కన గోనెసంచి పరిచి, సీసాతో పాలు పట్టి పెంచింది. అది బాగా పెరిగింది. బాగా అంటే, తను గొర్రెనని దానికి తెలియనంత బాగా. మందలోకి తోలితే వెనక్కొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేది. టీ పెట్టడం ఆలస్యమైతే తలుపుని కుమ్మేది. వదిన దానికి అల్లుడుగారు అని పేరు పెట్టింది.

"అల్లుడుగారికి ఇవాళ ఏదో కోపం వచ్చింది, ఎవరూ ఎదురు మాట్లాడకండి," అనేది.

పశువుల డాక్టరమ్మ మందు బక్కెట్ కోసం వంగినప్పుడు అల్లుడుగారు వెనకనుంచి ఒక్కటిచ్చారు. ఆవిడ గడ్డివాములో పడింది. అది నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, గొర్రెలతో జత కట్టించాల్సిన కాలం వచ్చినప్పుడు అల్లుడుగారు ఒక్క గొర్రె వంక కూడా చూడలేదు. వదిన వెనకే తిరిగారు. చివరికి వదినే బండి ఎక్కించి పంపేసింది. ఆ సాయంత్రం టీ పెట్టడం కూడా మర్చిపోయింది. ఆ తర్వాత మగపిల్లకి సీసా పట్టడం మా ఇంట్లో నిషేధం. "సీసా పడితే వాడు మనవాడైపోతాడు. వాటివాడు కాడు. పొట్టేలు వాటివాడు కావాలి," అనేది.

ఇంకో గొర్రెకి పిల్ల చచ్చిపుడితే, ఆ చర్మాన్ని చొక్కాలా చేసి తల్లిలేని పిల్లకి తొడగడం ఆమె డాక్టరమ్మ దగ్గర నేర్చుకుంది. ఆ గొర్రె వచ్చి వాసన చూసి, తన పిల్లే అనుకుని పాలిస్తుంది. నేనొకసారి సెలవుకి వచ్చినప్పుడు అది చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"ఛీ, వదినా!"

"ఏం ఛీ? నీ మెడలో ఉన్నదేంటి?"

"పట్టు స్కార్ఫు."

"అడిగి తీసుకున్నావా పురుగుని? రా, వచ్చి ఈ కాలు పట్టుకో."

పట్టుకున్నాను. ఆమెకి ఎదురు చెప్పి నెగ్గినవాళ్లు మా ఇంట్లో లేరు.

ఇక కోటు. మందపాటి ఖాకీ గుడ్డది, మోకాళ్ల దాకా ఉండేది. గొర్రెలు ఈనే రోజుల్లో దొడ్డిలోకి వెళ్లాలంటే వదిన అదే వేసుకునేది. ఏళ్ల తరబడి ఉమ్మనీరు, ముర్రుపాలు, ఉన్ని జిడ్డు దానికి పట్టేశాయి. కోటు చేతులు అట్టముక్కల్లా బిగుసుకుపోయాయి. దాన్ని ఉతకనిచ్చేది కాదు. కొత్త వాసన వస్తే ఈనే గొర్రెలు బెదురుతాయట, ఈ కోటు వేసుకుంటే తమలో ఒకటి వచ్చిందనుకుని ఊరుకుంటాయట. ఇందులో నిజమెంతో నాకు తెలియదు. దాణా గది తలుపు వెనక మేకుకి తగిలించేది. ఇంట్లోకి తేవడానికి మాత్రం మా అమ్మ ఒప్పుకోలేదు.

"ఏదో ఒకరోజు ఈ కోటు నీకోసం ఆగదు. దానంతటదే దొడ్డిలోకి నడిచి వెళ్లిపోతుంది చూడు," అనేవాడు అన్నయ్య.

"వెళ్తే వెళ్లనివ్వండి, మీకంటే నయం. మీరు తిన్న కంచం దానంతటదే తొట్టి దాకా నడిచి వెళ్లిందా ఎప్పుడైనా?"

నిజమే. అన్నయ్య కంచం కడిగినవాడు కాదు, గ్లాసు తొలిచినవాడు కాదు. గడ్డి కోయమంటే ఎంతైనా కోస్తాడు, కంచె వేస్తాడు, రాళ్లు మోస్తాడు. నీళ్లూ సబ్బూ మాత్రం అతనివి కావు. దాని మీద వాళ్లిద్దరికీ రోజూ ఏదో ఒకటి నడుస్తూనే ఉండేది. నేను ఆ మాటలు వింటూ వంటింట్లో కూర్చునేదాన్ని. ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా ఈ రెండు మూడే దొరుకుతున్నాయి.

కొండ అవతల బట్టతలాయన అని ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరా కళ్లజోడు గొర్రెలే. రెండు మూడేళ్లకోసారి ఆయనా వదినా పొట్టేళ్లు మార్చుకునేవాళ్లు. ఆయనకి మోకాళ్లు అరిగిపోయి మంద మొత్తం తీసేశాడు. చివర్లో వదిన వెళ్లి ఒక పొట్టేలుని అడిగి తెచ్చుకుంది. అది కూడా ముసలిదే. దాని తర్వాత ఇంకెక్కడ దొరుకుతుందని ఎవరెవరినో అడిగింది. మాకు తెలిసినంతలో ఇంకెక్కడా లేవు.

ఆ చలికాలం ముసలి పొట్టేలు చనిపోయింది. గొర్రెలు అప్పటికి చూలుతో ఉన్నాయి. ఈ ఈతలో ఒక్క మగపిల్లన్నా పుట్టాలి. పుట్టకపోతే మందకి అదే ఆఖరు. వదిన ఫోను చేసినప్పుడల్లా ముందు అదే చెప్పేది.

"మళ్లీ ఆడపిల్లే. అందరూ ఆడపడుచులే పుడుతున్నారు నా ప్రాణానికి. ఒక్క మరిది పుట్టడు."

"ఆడపడుచులంటే అంత అలుసా?"

"ఒకదానితోనే వేగలేకపోతుంటేనూ!"

చివరికి ఒక్క గొర్రె మిగిలింది. దానికి వలయాలు రెండూ ముక్కు మీదికి జారి ఉంటాయి, మెడ నిక్కించి అందరినీ కిందినుంచి పైకి చూస్తుంది. పంతులమ్మ అంటాం. అది ఈనడానికి ఇంకా వారం ఉందనగా వదిన చనిపోయింది.

ఉదయం మేత వేసింది. తొట్టిలో నీళ్లు నింపుతూ తల పట్టుకుని కూర్చుంది. అన్నయ్య వెళ్లేసరికి పక్కకి ఒరిగి ఉంది. మెదడులో రక్తనాళం చిట్లిందని ఆస్పత్రిలో చెప్పారు. గొట్టంలోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి, మేము తిరిగొచ్చేసరికి దొడ్డి ముందంతా బురద. నేను గొట్టం కట్టేశాను. అదొక్కటే ఆ రోజు నేను చేసిన పనిగా గుర్తుంది.

జనం వచ్చారు, వెళ్లారు. అమ్మా నాన్నా అప్పటికే లేరు, ఇంట్లో అన్నయ్య ఒక్కడే. నేను సెలవు పెట్టి ఉండిపోయాను. అన్నయ్య ఏడవలేదు. నేను కూడా ఏడవలేదు. ఎవరైనా అడిగితే సమాధానం చెప్పేవాళ్లం, పెడితే తినేవాళ్లం. ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే అన్నయ్య వంటింట్లో గిన్నెలు తోముతున్నాడు. శుభ్రంగా ఉన్నవి కూడా తోముతున్నాడు. గిన్నెలయ్యాక కర్టెన్లు తీశాడు. దుప్పట్లు, గుమ్మం దగ్గర పట్టాలు, దాణా బక్కెట్లు. పిల్లల్ని తుడవడానికి వదిన దాచుకున్న పాత గుడ్డలన్నీ సబ్బు నీళ్లలో నానబెట్టి, ఉతికి, తడక మీద వరసగా ఆరేశాడు. చేతులు ఎర్రగా పగిలిపోయాయి. నేను వద్దనలేదు. అతనికి ఏదో పని దొరికింది, నాకు అది కూడా లేదు అనుకున్నాను.

కోటు ఒక్కటే మిగిలింది. దాన్ని మేకు నుంచి తీయడం చూశాను. ముఖానికి దగ్గరగా పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మళ్లీ తగిలించి తలుపు దగ్గరికి వేశాడు.

పంతులమ్మ తెల్లవారాక ఈనింది. నేను టీ పెడుతుంటే అన్నయ్య తువ్వాల్లో పిల్లని చుట్టుకుని వచ్చాడు.

"మగపిల్ల," అన్నాడు.

పిల్ల తెల్లగా మెరిసిపోతోంది. కళ్లచుట్టూ వలయాలు స్పష్టంగా ఉన్నాయి. నేను దగ్గరికి తీసుకోబోయి ఆగాను. బట్టల సబ్బు వాసన.

"అన్నయ్యా, కడిగావా?"

"ఒళ్లంతా జిగురుగా ఉంది. వేడినీళ్లు పెట్టి కడిగాను."

"మాయ?"

"తీసి పాతిపెట్టాను. గడ్డి మార్చాను." అన్నీ సరిగ్గా చేశానా అన్నట్టు నా వంక చూశాడు.

ఏళ్ల తరబడి గొర్రెల మధ్య తిరిగినవాడే. ఈనే గదిలోకి మాత్రం వదిన అతన్ని రానిచ్చేది కాదు, గడ్డి మోసుకొచ్చి బయట పడేసి వెళ్లమనేది. ఇద్దరం దొడ్డిలోకి వెళ్లి పిల్లని తల్లి ముందు దింపాం. పంతులమ్మ మెడ చాచి వాసన చూసింది. రెండడుగులు వెనక్కి వేసింది. మళ్లీ వచ్చి చూసి, తలతో కొట్టింది. పిల్ల దొర్లి పడి, లేచి, మళ్లీ దాని దగ్గరికే వెళ్లింది. మళ్లీ కొట్టింది.

డాక్టరమ్మకి ఫోను చేశాను. "కడిగారా? సబ్బుతోనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత చెప్పింది: తల్లిని కదలకుండా పట్టుకుని ముందు ముర్రుపాలు తాగించండి, దాని పాలే పిల్ల వీపుకి పూయండి, ఇంకే గొర్రెకైనా పిల్ల చచ్చిపుట్టి ఉంటే ఆ చర్మం తొడగండి. చచ్చిన పిల్లలేవీ లేవు. మిగతాది చేశాం. అన్నయ్య పంతులమ్మని గోడకి అదిమి పట్టుకున్నాడు, నేను పిల్లని పొదుగు కిందికి నెట్టాను. తాగింది. వదిలిన మరుక్షణం తల్లి దాన్ని తన్నింది. మధ్యాహ్నం కూడా అంతే. పాలు పూసిన వీపుని వాసన చూడనైనా చూడలేదు, సబ్బు దగ్గరే ఆగిపోయింది.

"సాయంత్రం దాకా చూడండమ్మా. కాకపోతే సీసా పట్టేయండి. ముందు పిల్ల బతకాలి కదా," అంది డాక్టరమ్మ.

ఆ మాట అన్నయ్యకి చెప్పాను.

"అల్లుడుగారవుతాడు," అన్నాడు.

వదిన పోయాక ఆమె మాట అతని నోట వినడం అదే మొదటిసారి. లేచి దాణా గదిలోకి వెళ్లాడు. కోటు చేత్తో పట్టుకుని, ఉన్ని కత్తిరించే కత్తెర తీసుకుని వచ్చాడు.

"అన్నయ్యా, అది…"

"తెలుసు."

బోర్లించిన బక్కెట్ మీద కూర్చున్నాడు. కోటు భుజం దగ్గర కత్తెర పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత కోశాడు. గుడ్డ మందం, కత్తెర ఆగి ఆగి నడిచింది. ఊడొచ్చిన చేతికి కింద రెండు కన్నాలు చేసి, పిల్ల తల దూర్చి, ముందుకాళ్లు రెండూ బయటికి లాగాడు. మణికట్టు మడత మెడ దగ్గరికి వచ్చింది. తల్లి పాలు పిండి దాని మీద రాశాడు. పిల్లని దింపి చేతులు వదిలేశాడు.

పిల్ల ఖాకీ చేతిలో ఇరుక్కుని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లింది. కోటు దానంతటదే నడిచి వెళ్తుందని అన్నది అన్నయ్యే. నాకు గుర్తొచ్చింది. అతనికి గుర్తొచ్చిందో లేదో తెలియదు.

పంతులమ్మ తల దించింది. కొట్టడానికే అనుకున్నాను. మెడ దగ్గర వాసన చూసింది, వీపంతా చూసుకుంటూ తోక దాకా వెళ్లింది, మళ్లీ మెడ దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది. గొంతులోంచి చిన్న గుర్రుమనే శబ్దం, పిల్లల తల్లులు మాత్రమే చేసేది, ఒకసారి వచ్చి ఆగింది. పిల్ల పొదుగు కిందికి దూరింది. పంతులమ్మ కాలెత్తింది. దించింది. కదలకుండా నిలబడింది.

మేము కూడా కదల్లేదు. బయట తడక మీద గుడ్డలు ఆరుతున్నాయి.

చర్మం చొక్కాలు విప్పేటప్పుడు వదిన చేసినట్టే, అన్నయ్య ఆ కోటు చేతిని రోజుకి కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ వచ్చాడు. ఆఖరి ముక్క ఊడొచ్చిన రోజు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"గొర్రె వాసనే," అన్నాడు. "ఇంకేం లేదు."

ముక్కని జేబులో పెట్టుకుని గడ్డి తేవడానికి వెళ్లాడు. నేను ఆ వారమే ఉద్యోగం ఉన్న ఊరికి తిరిగొచ్చేశాను.

ఈ ఏడాది మళ్లీ ఈతలు మొదలయ్యాయి. అన్నయ్య ఒక చెయ్యి లేని కోటు వేసుకుని దొడ్డిలోకి వెళ్తున్నాడు. ఉతకలేదు. అది అతనికి బిగుతు, గుండీలు పెట్టుకోవడానికి రాదు. పిల్లలకి వలయాలు బాగానే వచ్చాయి, ఒక్కదానికీ సరిగ్గా కుదర్లేదు.

వాటి తండ్రి, ఆ కోటు చెయ్యి తొడుక్కున్నవాడే, మంద మధ్యలో నిలబడి మేస్తుంటాడు. సెలవుకి వెళ్లినప్పుడు తడక దగ్గర నిలబడి పిలిచాను. తలెత్తి, ఆ జారిన కళ్లజోడులోంచి ఒకసారి చూశాడు. నేనెవరో అతనికి తెలియదు. మళ్లీ తల దించి మేసుకుంటూ, గొర్రెలు వెళ్తున్న వైపు వెళ్లిపోయాడు.