అక్క ఎంచుకున్న హిచ్

మొన్న ఈ దేశపు పడమటి తీరాన ఉన్న డబ్లిన్‌లో మా అమ్మాయీ అల్లుడూ సాయంత్రం కాఫీలు తాగుతూ, కొత్తగా కొన్న, లోపలే వండుకుని పడుకునే ట్రావెల్ ట్రైలర్‌ని కారు వెనక తగిలించడానికి ఏ హిచ్ తీసుకోవాలా అని లాప్‌టాప్ ముందు తెగ తర్జనభర్జన పడుతుంటే, బీరకాయలు చెక్కు తీస్తున్న నేను ఉండబట్టలేక, బరువుని ముందు చక్రాల దాకా పంచే రకం తీసుకోండి, ట్రక్కులు పక్కనుంచి పోయినా ఊగదు అన్నాను. అల్లుడు తలెత్తి చూసిన చూపు చూసి తీరాలి. అత్తగారి నోట ఉప్పూ పులుపూ తప్ప ఇలాంటి మాట వినలేదు పాపం. నాకేమో అక్క గుర్తొచ్చి, ఆ పూట కూర పొయ్యి మీదికి ఎక్కడం చాలా ఆలస్యమైంది.

మా అక్క నాకంటే చాలా ముందు నర్సుగా ఈ దేశం వచ్చింది. డెబ్బైల చివర్లో మా ఆయన్నీ నన్నూ రప్పించింది కూడా తనే. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని ఎవరైనా అడిగితే డ్యూటీకి టైమైందంటూ లేచిపోయేది. చలికోటు ఎలా తొడుక్కోవాలన్న దగ్గర్నుంచి మంచులో కారు ఎలా నడపాలన్న దాకా నాకు నేర్పింది అక్కే. ఎనభైల మొదట్లో, మేం కొండన్నదే కనిపించని మైదానాల మధ్య అరోరాలో ఇల్లు కొనుక్కుని కాస్త కుదురుకున్నాం అనుకునేసరికి అక్కకి జబ్బు చేసింది. అదేం జబ్బో డాక్టర్ మాతో చెప్పేలోపే తనకి తెలిసిపోయింది. ఆపరేషన్ అయ్యాక మా ఇంటికే తెచ్చుకున్నాం. ఒక విడత మందులు పూర్తయి, రెండో విడత మొదలుపెట్టేలోగా కొన్ని వారాలు తెరిపి ఇచ్చారు. ఏం చేయాలనుందక్కా అని అడిగితే, ఇన్నేళ్ళుండీ ఆస్పత్రి వార్డులు తప్ప చూసిందేమీ లేదు, పడమటి వైపు మంచుకొండలు చూడాలనుంది అంది.

హోటల్ తిండి పడదు, మాటిమాటికీ నడుం వాల్చాలి. అందుకని మా ఆయన ఆఫీసులో ఒకాయన్ని అడిగి ఆయన ట్రైలర్ తెచ్చారు. లోపల చిన్న స్టవ్వూ, సింకూ, రెండు పడకలూ, పూల కర్టెన్లూ. అక్క లోపలికెళ్ళి మొదట చేసిన పని పోపులపెట్టెకి చోటు చూసుకోవడం.

ఇక మిగిలింది హిచ్. షాపాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి బంపర్‌కి బిగించే ఉక్కు బంతి, అప్పటికప్పుడు బిగించి ఇచ్చేస్తాడు. రెండోది కారు అడుగున చట్రానికే బోల్టులు వేసి బిగించేది. దానికుండే పొడుగాటి ఉక్కు కడ్డీలు, ట్రైలర్ ముక్కు బరువంతా కారు వెనకభాగం మీదే పడకుండా ముందుకి పంచుతాయి. దూరప్రయాణానికి అదే మేలు, కానీ మా స్టేషన్ వ్యాగన్‌కి సరిపోయేది తెప్పించాలంటే రెండు మూడు వారాలు పడుతుందన్నాడు. మాకున్నవే ఆ కొద్ది వారాలు. మా ఆయన మారుమాట లేకుండా బంతి బిగించమన్నారు. నేనూ సరేనన్నాను.

బయల్దేరేముందు ఒకసారి చూసుకుందామని, ఆదివారం పొద్దున అందరం హైవే ఎక్కాం. అక్క ముందు సీట్లో, వెనక నేనూ, అప్పటికింకా ముద్దముద్దగా మాట్లాడే మా అమ్మాయీ. అటూ ఇటూ మొక్కజొన్న చేలు. కారు వెనక్కి కుంగి, ముందువైపు పైకి లేచి నడుస్తోంది. ఇంతలో ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటింది. ఆ గాలి విసురుకి ట్రైలర్ ఒక పక్కకి లాగింది, వెంటనే రెండో పక్కకి, ఎవరో కారుని వెనకనుంచి పట్టుకుని ఊపేస్తున్నట్టు. స్టీరింగ్ చేతికి ఆనడం లేదని మా ఆయన కేక పెట్టారు. అక్క మాత్రం, ఆస్పత్రిలో రోగులతో మాట్లాడే ఆ మెత్తటి గొంతుతో, బ్రేక్ తొక్కకండి, గ్యాస్ పెడల్ మీంచి కాలు తీసేయండి, అంతే, అంతే అంటూనే ఉంది. ఎలాగో రోడ్డు పక్కన ఆగాం. మా అమ్మాయి అదేదో ఆటనుకుని, మళ్ళీ ఊపమని చప్పట్లు కొడుతోంది.

"ఆ రెండోదే తెప్పించండి మరిదిగారూ," అంది అక్క.

"అన్నాళ్ళు ఆగితే కొండల దాకా వెళ్ళలేం వదినగారూ."

"తెలుసు. వెళ్ళగలిగినంత దూరమే వెళ్దాం."

నాకు ఏడుపు ఆగలేదు. ఇదంతా నీ కోసమే కదక్కా అన్నాను. అక్క వెనక్కి తిరిగి, "ఏమే, కొండలెక్కడికి పోతాయి? నా తొందర కోసం ఈ పసిదాన్ని రోడ్డు మీద ఊపుతారుటే?" అంది.

హిచ్ వచ్చేదాకా ట్రైలర్ మా డ్రైవ్‌వేలోనే ఉంది. అక్క రోజూ మధ్యాహ్నం మా అమ్మాయిని వెంటబెట్టుకుని అందులోకి వెళ్ళేది. ఆ చిన్న స్టవ్వు మీద ఉప్మా చేసి, కిటికీలోంచి నాకు ప్లేటు అందించి, ఊళ్ళు దాటుతున్నాం త్వరగా తిను అనేది. మా ఆయన ఆఫీసునుంచి రాగానే ఆ కిటికీ దగ్గరే నిలబడి కాఫీ అడిగేవారు. మా ఇంట్లో అంత నవ్వు మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

హిచ్ బిగించేసరికి మిగిలిన రోజుల్లో ఉత్తరాన సుపీరియర్ సరస్సు దాకానే వెళ్ళగలిగాం. దారిలో ఎన్ని ట్రక్కులు దాటినా ట్రైలర్ బుద్ధిగా వెనకే వచ్చింది. భీమిలిలో పుట్టిపెరిగిన వాళ్ళం, అవతలి ఒడ్డు కనిపించని ఆ నీళ్ళు చూడగానే ఇద్దరం చెప్పులు విప్పేశాం. అక్క వేలు ముంచి నాలిక్కి రాసుకుని, "దీనికీ నాలాగే ఉప్పు మాన్పించేశారే!" అంటూ ఎంత నవ్విందంటే, నవ్వలేక ఇసకలో కూర్చుండిపోయింది.

ఆ చలికాలం అక్క దాటలేదు.

ఇప్పుడు అరోరా నుంచి అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ మంచుకొండలు విమానం కిందనుంచి సాగిపోతాయి. చుట్టుపక్కల వాళ్ళంతా కిటికీలు మూసుకుని సినిమాలు చూస్తుంటారు, నేనొక్కదాన్నే తెరిచి పెట్టుకుంటాను. ఆ రోజుల్లో తెలుగు మాట వినాలంటే అక్క డ్యూటీ దిగేదాకా ఫోన్ దగ్గర కాచుకునేదాన్ని. ఇప్పుడు ఏ షాపుకెళ్ళినా, ఏ గుడికెళ్ళినా తెలుగే. ఆంటీ అని పిలిచేవాళ్ళున్నారు, అమ్మా అని, అత్తయ్యా అని, అమ్మమ్మా అని పిలిచేవాళ్ళున్నారు. ఏమే అని పిలిచేవాళ్ళే ఒక్కరూ లేరు.