కొండ గీతలు చదివిన అల్లుడు

పటం చదవడం నాకు వచ్చని అనుకోవడం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో మొదటి వరసలోది. బళ్ళో సోషల్ చెప్తాను. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు దగ్గరగా ఉంటే నిటారు కొండ, దూరంగా ఉంటే మెల్లని వాలు అని ఏళ్ళ తరబడి బోర్డు మీద గీశాను. నేను గీసిన గీత నేనెప్పుడూ దాటలేదు. అంటే, ఒక్క కొండా ఎక్కలేదు.

మా అత్తగారి ఊరు మాచర్ల అవతల, బోడి కొండల కింద. ఒక వేసవిలో వాళ్ళ గేదెలు రెండు కొండల్లోకి పోయి తిరిగి రాలేదు. బావమరిది కర్ర పట్టుకుని బయల్దేరుతుంటే నేను సర్వే పటం పరిచాను.

"ఇదిగో, కొండ వెనక వాగు. గేదెలు నీళ్ళ దగ్గరే ఉంటాయి. మనకు సీసాలెందుకు, దండగ మోత."

పాపం, నమ్మాడు. రెండు గంటలు ఎక్కి దిగితే వాగైతే ఉంది. అందులో రాళ్ళున్నాయి. వాగింది నేనొక్కణ్ణే. నీళ్ళుంటే నీలం గీత, ఎండిపోయేదైతే నల్ల గీత అని పటం అంచునే రాసుంది. ఆ అంచును పిల్లలచేత బట్టీ పట్టించేది నేనే. నాలుక పిడచకట్టుకుని ఇల్లు చేరేసరికి గేదెలు రెండూ కొట్టంలో నెమరేస్తున్నాయి.

"ఏంది బావా, నీ కాయితంలో మా కొట్టం లేదా?"

అప్పట్నుంచి ఆ ఇంట్లో నా మాటకు విలువ పోయింది. వాన వచ్చేట్టుందన్నా, కూరలో ఉప్పు తగ్గిందన్నా మా మామగారు "కాయితంలో ఉందా అల్లుడుగారూ" అనేవారు. చేతి గీతలు చూసేవాడు తప్పు చెప్పినా దక్షిణ ఇచ్చి పంపుతారు. కొండ గీతలు చూసేవాడికి ఆ మర్యాద లేదు. పోయిన పరువు కోసం, వెళ్ళినప్పుడల్లా పటం పట్టుకుని ఒక్కణ్ణే కొండలెక్కాను. దగ్గర గీతలంటే ఏమిటో నా మోకాళ్ళు నేర్చుకున్నాయి.

మొన్న కార్తీకంలో వనభోజనాలు కొండ అవతలి పక్క పెట్టారు. బావమరిది ఫోన్ చూపించాడు.

"అడ్డంగా పోతే కిలోమీటరున్నర. ఆటోలో చుట్టూ తిరిగి ఎనిమిది. మీకంటే ముందు నేనే ఉంటా."

ఫోన్లో కొండ చాపలా పరుచుకుని ఉంది. నా పటంలో ఆ దారిన గీతలు దువ్వెన పళ్ళలా ఉన్నాయి.

"అవతలి పక్క నిటారురా, దిగలేవు."

"ఊరుకో బావా, చానా చూశాం నీ చదువు."

ఊరుకుని ఆటో ఎక్కాను. వంకాయ కూర మగ్గింది, విస్తళ్ళు వేశారు, అతను రాలేదు. అంతలో కొండ కొసన తెల్ల చొక్కా కనపడింది. నేను చాప మీద పటం పరిచి బంధువులందరినీ పిలిచాను.

"ఇప్పుడు మూడువందల అరవై మీటర్ల గీత మీదున్నాడు. కింద మూడువందల నలభై. అది కూర్చుని దిగాల్సిందే."

కూర్చుని దిగాడు. పిన్నత్తలు పకపకా నవ్వారు. మామగారు విస్తరి వదిలి వచ్చి నా పక్కన చతికిలబడ్డారు.

"తర్వాత గీత ఎక్కడ అల్లుడుగారూ?"

చూపించాను. అతనికి వినపడేంత గట్టిగా, ఒక్క గీతా వదలకుండా, కింద దాకా చదివాను.