తలూపిన శనివారాలు

ఆ రోజుల్లో నా నోటికి పని తక్కువ, తలకు పని ఎక్కువ. ఎవరేం చెప్పినా, ఏమడిగినా నోరు తెరిచేలోపే తల ఊగిపోయేది. ఆ ఊపు అవుననో, కాదనో, లేక 'వింటున్నాను, కానివ్వండి' అనో నాకే తెలిసేది కాదు. ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, మా నాన్న అంటించింది. ఆయన గుంటూరు దగ్గర ఒక పల్లెలో పాస్టరు. ఆదివారం ఆరాధనలో ముందు బెంచీ మాది. ప్రసంగంలో ప్రతి మాటకూ తలూపడం పాస్టరుగారి పెద్దకొడుకుగా నా డ్యూటీ. ఊపడం కాస్త తగ్గిందంటే మధ్యాహ్నం భోజనాల దగ్గర "ఏరా అబ్బాయ్, ఇయ్యాల వాక్యం నీకెక్కలేదా?" అని నిలదీసేవారు. పద్దెనిమిదేళ్ళు గంగిరెద్దులా ఊపిన తల సముద్రాలు దాటినంత మాత్రాన ఆగుతుందా? ఆగలేదు. ఇప్పుడంటే నవ్వొస్తుంది గానీ, ఆ నాలుగు శనివారాలూ నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఎనభైలు వెళ్ళిపోతూ తొంభైలు వస్తున్న కాలం. మెల్‌బోర్న్‌కి తూర్పున కారులో మూడు గంటల దూరం, కొండల కింద చిన్న ఊరు, ఊరికంతటికీ ఒక పాల ఫ్యాక్టరీ. దాని లాబ్‌లో నాకు ఉద్యోగం దొరికింది. ఆరు నెలల ప్రొబేషన్. చివర్లో లాబ్ సూపర్‌వైజర్ ఒక ఫారం నింపి సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేదంటే పెట్టేబేడా సర్దుకోవడమే. కొత్తగా కాపురానికి వచ్చిన మా ఆవిడ అప్పటికే పెరట్లో కొత్తిమీర మడి వేసింది. అది మొలకలెత్తిన రోజునే, ఇక ఈ ఊరు వదిలి వచ్చేది లేదని ప్రకటించింది కూడా. కాబట్టి మా కాపురం, కొత్తిమీర అన్నీ ఆ సూపర్‌వైజర్ సంతకం మీద ఆధారపడి ఉన్నాయి. ఆయనకు పాలబుగ్గలు, వాటి మధ్య నెరిసిన గుబురు మీసాలు. మేమిద్దరం ఇంట్లో ఆయన్ని మీసాలాయన అనుకునేవాళ్ళం.

మీసాలాయనకు విల్లంబులతో జింకల్ని వేటాడే పిచ్చి ఉంది. పొద్దున టీ సమయంలో (దాన్ని అక్కడ స్మోకో అంటారు) ఆయన జింక అనే మాట ఎత్తాడంటే చాలు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే కప్పులు పట్టుకుని బయటికి నడిచేవారు. నేను కొత్తవాణ్ణి, పైగా ప్రొబేషన్‌వాణ్ణి, ఎక్కడికి నడుస్తాను? కూర్చుని వినేవాణ్ణి. తల దాని పని అది చేసుకుపోయేది. అలా ఒక రోజు "శనివారం మధ్యాహ్నం నాతో వేటకు వస్తావా మైట్?" అని ఆయన అడిగినప్పుడు కూడా ఊగింది. (ఆయన ఇంగ్లీషును నా తెలుగులో రాస్తున్నాను. 'మైట్'కి, అంటే వాళ్ళు పలికే 'మేట్'కి మాత్రం తెలుగు దొరకలేదు.)

"వేటకా? మీరా?" అంది మా ఆవిడ. "కోడిని కొయ్యాలంటే పక్కింటోళ్ళని పిలుచుకొచ్చే మనిషి మీరు! నో అని ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబుదామనే అనుకున్నా."

"సర్లే, వెళ్ళండి. ఆయన మూడ్ మాత్రం పాడు చెయ్యమాకండి. ఫారం ఉంది."

వేట అంటే అడవిలో పరుగెత్తడం అనుకున్నాను. కాదట. యూకలిప్టస్ చెట్టుకు నిచ్చెన వేసుకుని ఎక్కి, కొమ్మల మధ్య బిగించిన పలక మీద కూర్చుని, జింక తనంతట తాను కిందికి వచ్చేదాకా దానికి కనబడకుండా ఉండడమట. ఆ కనబడకుండా ఉండడానికి ఎన్ని నిబంధనలో! సబ్బు రాసుకోకూడదు. తలకు నూనె పెట్టకూడదు. బట్టలు వారం రోజులు ఆకుల్లో మాగబెట్టాలి. మెరిసేదేదీ ఒంటి మీద ఉండకూడదు, కాబట్టి వాచీ తియ్యి, ఉంగరం తియ్యి. వెనకాల ఆకాశం కాకుండా చెట్టు మాను ఉండేలా కూర్చోవాలి. గాలి మన వైపు నుంచి జింక వైపు వీచకూడదు. జింక తల ఎత్తినప్పుడు ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి, అది తల దించినప్పుడో, మాను చాటుకు వెళ్ళినప్పుడో తప్ప వేలు కదపకూడదు. దాని కళ్ళలోకి చూడకూడదు. అది కాలు నేలకేసి కొడుతుంది, మేస్తున్నట్టు తల దించి చటుక్కున ఎత్తుతుంది, మనం కదులుతామేమోనని అదంతా నాటకం. ఇవన్నీ వింటూ నాకు ఒకటే అనిపించింది: నేను జింకకు కనబడకుండా ఉండాలంటే ఇంత అవస్థ ఎందుకు? మా ఇంట్లో కూర్చుంటే కనబడను కదా!

మొదటి శనివారం ఆయన నా తలను వాసన చూసి, ముక్కు చిట్లించి, పొలం గేటు దగ్గర ట్యాంకు కుళాయి కింద కూర్చోబెట్టి వంటసోడా పోసి రుద్దించాడు. పెళ్ళినాడు కూడా నేనంత శుభ్రంగా తలంటుకోలేదు. తర్వాత మొహానికి బొగ్గు పూయబోయి, నా వైపు ఒకసారి చూసి, "నీకు కొంచెం చాల్లే" అని డబ్బా తన వైపు తిప్పుకున్నాడు. చెట్టెక్కాం. కింది పలక మీద ఆయన, చివర్లలో చిన్న చక్రాలున్న విల్లుతో. పై పలక మీద నేను, నడుముకు బెల్టుతో మానుకు కట్టేసిన దొంగలాగా. నా పనల్లా ఆయన వీపు వెనక వైపు చూడడం. ఒక దారం ఆయన కాలి మడమకు కట్టి, రెండో కొస నా మణికట్టుకు కట్టాడు. వెనక నుంచి జింక వస్తే ఒక్కసారి లాగాలి. అంతకుమించి నాకు విధులు లేవు, హక్కులు అసలే లేవు. చీమలు కుట్టినా గోక్కునే హక్కు కూడా లేదు.

రెండు గంటలు కూర్చున్నాక ఎదురుగా పొదల్లోంచి ఒక ఆడజింక వచ్చింది. దాన్ని జింక అనకూడదు, గుర్రమంత ఉంది. మన అడవుల్లో కణుజు, కణితి అంటామే, ఆ సాంబారు జింక, ఎవరో పాతకాలం దొరలు ఇక్కడికి తెచ్చి వదిలారట. కింది నుంచి మీసాలాయన పెదవి కదపకుండా "కదలకు, మైట్" అని గొణిగాడు. అంతే. ఆ జింక నేరుగా నా వైపు చూసి, లారీ హారన్ లాంటి కేక ఒకటి పెట్టి, తోక ఎత్తి మాయమైపోయింది.

"ఏం చూసి బెదిరిందంటావ్?" అన్నాడాయన.

"తెలియదండీ" అన్నాను నిజాయితీగా. నిజంగానే నాకు తెలియదు.

రెండో శనివారం ఇంకో చెట్టు. గాలిదే తప్పని ఆయన తేల్చాడు మరి. మళ్ళీ చీమలు, మళ్ళీ రెండు గంటలు, మళ్ళీ "అలాగే ఉండు", మళ్ళీ హారన్, మళ్ళీ తోక. మూడో శనివారం ఆయన విల్లుకు మసి పూశాడు, టోపీ మార్చాడు, నాకు మొహానికి కూడా వలలాంటి గుడ్డ కట్టాడు. ఆ గుడ్డలోంచి నాకు జింకలే కాదు, చెట్లు కూడా సరిగా కనబడలేదు. జింకలకు మాత్రం నేను దివ్యంగా కనబడ్డాను. ఆ ఒక్క సాయంత్రమే మూడు వచ్చాయి, మూడూ నన్ను చూసి తిట్టి వెళ్ళాయి. మధ్యలో మీసాలాయన అప్పుడప్పుడూ చీమ కుట్టినట్టు కాలు విదిలించేవాడు. నన్ను కదలొద్దని తను కదులుతాడేమిటని నాకు ఒళ్ళు మండింది. పైకి ఏమంటాను, ఫారం ఉంది.

ఆ రోజు తిరుగు దారిలో ఆయన కారు నడుపుతూ, వచ్చే శనివారంతో తన వేట సరి అన్నాడు. కుడి భుజానికి ఆపరేషన్ అట, ఇక జన్మలో విల్లు లాగొద్దని డాక్టరు చెప్పాడట. మూడు శరదృతువులుగా ఒక ముసలి కొమ్ముల పోతు కోసం ఎదురుచూస్తున్నాడు. దాని నడక దర్జా చూసి బిషప్ అని పేరు పెట్టుకున్నాడు. "ఒక్కసారి దగ్గర్నుంచి బిషప్‌ను చూస్తే చాలు మైట్" అన్నాడు. ఆ గొంతు విన్నాక నా విసుగు కాస్త నీరుగారింది.

ఇంటికొచ్చి మా ఆవిడకు మొత్తం ఏకరువు పెట్టాను. నూనె లేదు, సబ్బు లేదు, వాచీ లేదు, గాలి మంచిదే, గుడ్డ కట్టాడు, అయినా జింకలు నన్నే చూస్తున్నాయి, ఎందుకు?

"చెప్తా, వినండి" అంది ఆవిడ. "ఆయన కదలొద్దు అన్నాడు కదా?"

"ఊఁ."

"అప్పుడు మీరేం చేశారు?"

"ఏం చెయ్యలేదు. కదల్లేదు."

"ఇప్పుడు నేను మాట్లాడతన్నా కదా, ఇప్పుడేం చేస్తన్నారు?"

అప్పుడు చూసుకున్నాను. నా తల ఊగుతోంది. మూడు శనివారాలూ ఆ మహానుభావుడు కదలొద్దనడం, చిత్తమని నేను తలూపడం, ఆ తలూపుడు చూసి జింక పారిపోవడం! ఆయనేమో పాపం గాలినీ, టోపీనీ, తన విల్లునూ తిట్టుకోవడం! చెబితే ఫారం గతి ఏమిటి? చెప్పకపోతే ఆయన ఆఖరి శనివారం గతి ఏమిటి?

"చెప్పొద్దు, ఆపుదాం" అని మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి రెండు చెక్క గరిటెలు తెచ్చింది. మెరిసేవి పనికిరావని స్టీలువి పక్కన పెట్టిందట, ఆ తెలివి చూడండి. ఒకటి మెడ వెనక నుంచి వీపు మీదికి, ఒకటి గడ్డం కింద నుంచి ఛాతీ మీదికి పెట్టి, నా ఉన్ని మఫ్లర్‌లో వేసి కదలకుండా కుట్టేసింది. కట్టుకుని చూశాను. కుడికి లేదు, ఎడమకు లేదు, పైకీ కిందికీ అసలే లేదు. కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. ఆవిడ అరగంట సేపు మా అత్తగారి కబుర్లు చెప్పి పరీక్ష చేసింది. తల కదల్లేదు. "ఇదేదో పెళ్ళిలోనే కుట్టించాల్సింది" అని నేను లోపల అనుకున్నాను.

నాలుగో శనివారం మీసాలాయన నా మఫ్లర్ చూసి, మెడ పట్టిందా అని అడిగాడు. నా తల మొదటిసారి జవాబివ్వలేదు. ఆయన వింతగా చూసి నిచ్చెన ఎక్కాడు. చెట్టెక్కాక గంట గడిచింది, ఇంకో గంట గడిచింది. ఎండ పసుపు పచ్చగా వాలుతున్న వేళ, పొదలు పక్కకు జరిగి బిషప్ వచ్చాడు. నిజంగా బిషప్పే. జూలు, కొమ్ములు, తొందరలేని నడక. వచ్చి మా చెట్టుకు పది అడుగుల దూరంలో ఆగాడు. కాలు నేలకేసి కొట్టాడు, నేను కదల్లేదు. తల దించినట్టే దించి చటుక్కున ఎత్తాడు, కదల్లేదు. గరిటెలు కదలనిస్తేగా! చివరికి నమ్మాడు. తల ఒక మాను చాటుకు వెళ్ళింది. మీసాలాయన మెల్లగా లేచి విల్లు పూర్తిగా లాగాడు.

లాగి అలాగే ఉండిపోయాడు. బిషప్ మాను చాటు నుంచి బయటికి వచ్చి పక్కకు తిరిగి నిలబడ్డాడు. వదలడేమిటి ఈయన అని పైనుంచి నా ప్రాణం కొట్టుకుంటోంది. చూస్తే ఆయన భుజం వణుకుతోంది. వణికి వణికి, బాణం వదలకుండానే ఆ విల్లును చంటిపిల్లను దించినట్టు మెల్లగా దించేశాడు. బిషప్ ఇంకా అక్కడే, గడ్డి నములుతున్నాడు. అప్పుడు మీసాలాయన తలెత్తి నా వైపు చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎంత బాగున్నాడో కదా మైట్?" అన్నాడు గుసగుసగా.

నా జన్మలో నేను మనస్ఫూర్తిగా తలూపాలనుకున్న సందర్భం ఏదన్నా ఉందంటే అదే. ఊగలేదు. ఆయన నా జవాబు కోసం అలా చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు చూసి తట్టుకోలేక, నోరు తెరిచి, మా నాన్న ప్రసంగానికి ఆమెన్ చెప్పినంత గట్టిగా "అవునండీ!" అనేశాను, అదీ తెలుగులో.

హారన్ మోగింది. బిషప్ వెళ్ళిపోయాడు. పొదలు చాలాసేపు ఊగాయి.

నేను ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కింది నుంచి చెట్టంతా ఊగడం మొదలైంది. చూస్తే మీసాలాయన నవ్వుతున్నాడు, పొట్ట పట్టుకుని. కిందికి దిగాక మఫ్లర్ విప్పి, గరిటెలు బయటపెట్టి, మూడు శనివారాల నేరమూ ఒప్పుకున్నాను. ఆయన ఒక గరిటెను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "మొదటి రోజే తెలుసు" అన్నాడు. "నువ్వు తలూపినప్పుడల్లా చెయ్యి కూడా ఊగి నా కాలికి దారం లాగేది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే తలూపడం మానేస్తావుగా" అన్నాడు. "నేను జింక అనగానే ఫ్యాక్టరీలో అందరూ లేచిపోతారు. మా ఆవిడ పదేళ్ళు విని, ఇక వినలేనని వేరే ఊరికి వెళ్ళిపోయింది. నేను చెప్పేదానికి తలూపినవాడివి నువ్వొక్కడివే మైట్."

సోమవారం ఫారం వచ్చింది. సంతకం ఉంది. దాని పైన, అభిప్రాయం రాయాల్సిన చోట, 'వింటాడు' అని ఒక్క మాటే రాసి ఉంది. ఆ ఊళ్ళో మేము పదకొండేళ్ళు ఉన్నాం. స్మోకోలో ఆయన జింకల కథలన్నీ కనీసం నాలుగేసి సార్లు విన్నాను, గరిటెలు లేకుండానే.

ఇప్పుడు నా మీసాలు కూడా ఆయన మీసాల్లాగే నెరిశాయి. ఈ కథ ఇంట్లో మొదలుపెడితే అబ్బాయి "డాడ్, నాట్ ద డీర్ వన్ ఎగైన్" అని ప్లేటు పట్టుకుని లేచిపోతాడు. మనవరాలు ఫోన్‌లోంచి కళ్ళెత్తదు. ఒక్క తలా ఊగదు. ఆ రోజుల్లో వీళ్ళను ఆ చెట్టు మీద కూర్చోబెట్టి ఉంటే ఒక్క జింక కూడా బెదిరేది కాదు, మీసాలాయన మాత్రం తట్టుకోలేకపోయేవాడు. అయినా నేను చెబుతూనే ఉంటాను. బిషప్ పొదల్లోంచి బయటికొచ్చే దగ్గరికి వచ్చేసరికి వంటింటి గుమ్మంలో, అదే చెక్క గరిటె చేత్తో పట్టుకుని, మా ఆవిడ నిలబడి ఉంటుంది. వందోసారి వింటూ, మెల్లగా తలూపుతూ.